మూడో గేటు

పొగడవాగు జలాశయం కట్టి అరవై ఏళ్ళు దాటింది. మైలవరం దాటి పడమరగా వెళితే గుట్టల మధ్య పొడుగాటి మట్టికట్ట కనిపిస్తుంది. కట్ట మధ్యలో రాతి గోడ, ఆ గోడకు ఐదు గేట్లు. తుప్పు పట్టిన ఆ గేట్లు తీసేసి కొత్తవి బిగించే పని మూడేళ్ళ కిందట మొదలైంది. ఆ పని విజయవాడ ఆఫీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ఉన్న శాంభవికి అప్పజెప్పారు. రెండు వేసవుల్లో ఆమె నాలుగు గేట్లు మార్పించింది. మూడో నంబరు గేటు ఒక్కటే మిగిలింది.

దాన్ని మార్చాలంటే జలాశయంలో నీళ్ళు గేటు అడుగుకన్నా కిందికి దించాలి. అలా దించితే కాలవలకు నీళ్ళెక్కవు. జనవరి పదో తారీఖున నీళ్ళు వదిలి, రెండు నెలల్లో పని ముగించాలని శాంభవి రాసుకుంది. క్రేను కూడా వచ్చేసింది.

ఎనిమిదో తారీఖున రైతులు వచ్చారు. ఇరవై మంది దాకా ఉన్నారు. ముందు నిలబడ్డది నీటి సంఘం అధ్యక్షుడు రామకోటేశ్వరరావు. మాట పొదుపుగా వాడే మనిషి. ఆ రోజు మాత్రం ఆయనే ముందు మాట్లాడాడు.

"మేడం గారూ, మొక్కజొన్న కండె కడతా ఉంది. రెండు తడులిచ్చారంటే బయటపడతాం. ఇప్పుడు నీళ్ళు వదిలేశారంటే నిలువునా ఎండిపోద్దండి. మా ఊళ్ళోవాళ్ళు నా మొహాన ఉమ్మేస్తారు."

"ముందే చెప్పాం కదండీ, ఈ ఏడు నీళ్ళుండవని."

"చెప్పారండి. కాయితం కూడా అంటించారు. అయినా వేశాం. వెయ్యకపోతే ఏం చేస్తామండీ?"

శాంభవి కట్ట దిగి వాళ్ళతోపాటు చేలు చూసింది. ఆకులు అప్పటికే మధ్యాహ్నం ఎండకు చుట్టుకుంటున్నాయి. ఒక చేలో ఆడమనిషి బిందెతో మోసుకొచ్చి మొదళ్ళలో నీళ్ళు పోస్తోంది. శాంభవిని చూసి ఆగలేదు, పోస్తూనే ఉంది.

తిరిగి కట్ట ఎక్కేటప్పుడు యేసుకుమార్ ఆమె పక్కన నడిచాడు. ఆయన లస్కరు. గేట్లు ఎత్తడం, దించడం, గ్రీజు పెట్టడం, నీటిమట్టం రాయడం ఆయన పని. పాతికేళ్ళుగా కట్ట కిందున్న క్వార్టర్స్‌లోనే భార్య ఎలిజబెత్, కూతురు శాలినితో కాపురం. ఏ గేటు ఎప్పుడు మొరాయిస్తుందో చప్పుడు విని చెప్పేవాడు.

"వాళ్ళని చూస్తే నాకూ కడుపు తరుక్కుపోద్ది మేడం," అన్నాడు. "కానీ మూడోదాన్ని ఎత్తే ఇనుప రోపు చూశారుగా. పోగులు లేస్తన్నాయి. పోయినేడు ఎత్తేటప్పుడు ఒక పక్కకి లాగింది. ఇంకో వానాకాలం దాన్ని నమ్ముకోకూడదండి."

"ఏప్రిల్‌లో కోతలవగానే మొదలుపెడదాం యేసుకుమార్ గారూ. వానలు జూన్‌లోనే కదా. రెండు నెలలు చాలవా?"

ఆయన గేటువైపు చూశాడు. "మీరు చాలతాయంటే చాలతాయండి."

ఆ సాయంత్రమే శాంభవి పని వాయిదా వేస్తూ సంతకం పెట్టింది. ఆ రాత్రి ఇంట్లో చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది. మార్చిలో కండెలు జానెడు పొడుగున వచ్చాయని రామకోటేశ్వరరావు ఫోన్ చేసి చెప్పినప్పుడు, ఆ సంగతి ఆఫీసులో నలుగురికీ చెప్పుకుంది.

ఏప్రిల్ వచ్చేసరికి క్రేను లేదు. కాంట్రాక్టరు దాన్ని వేరే జిల్లాకు పంపేశాడు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే మే నెలాఖరుకు వచ్చింది. పాత గేటు విప్పడం మొదలుపెట్టారు. అప్పుడు చూస్తే కొత్త గేటుకు బిగించాల్సిన చక్రాల కొలత తేడా. వెనక్కి పంపారు. జూన్ పద్నాలుగున మొదటి వాన పడింది. గుట్టల మీంచి ఎర్రనీళ్ళు దిగడం మొదలైంది. సగం విప్పిన గేటుతో వానాకాలం గడపడం ఇంకా ప్రమాదమని, పాత గేటే తిరిగి బిగించమని శాంభవి చెప్పింది.

యేసుకుమార్ ఆ రోజంతా దానికి గ్రీజు పెట్టాడు. జనవరిలో తను చెప్పిన మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం శాంభవి గమనించింది.

సెప్టెంబరులో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. విజయవాడలోనే వీధులు మునిగాయి. మూడో రోజు ఉదయం శాంభవి జీపులో బయల్దేరింది. మైలవరం దాటాక కల్వర్టు మీద నడుంలోతు నీళ్ళు పారుతున్నాయి. డ్రైవరు బండి ఆపేశాడు. జలాశయం ఇంకా తొమ్మిది కిలోమీటర్లు. పది నలభైకి యేసుకుమార్ ఫోను చేశాడు.

"మేడం, నాలుగు గేట్లూ పూర్తిగా ఎత్తేశామండి. అయినా గంటకి అడుగు చొప్పున పెరగతా ఉంది. మూడోది రెండడుగులు లేచి ఇరుక్కుపోయింది. రోపు కప్పీ గాడిలోంచి పక్కకి జారింది."

"కట్ట అంచుకి ఎంతుంది?"

"అడుగున్నర. మట్టికట్ట మీంచి నీళ్ళు దొర్లాయంటే ఇంక ఆగదండి."

ఆగదని ఆమెకూ తెలుసు. కట్ట కింద ఆరు ఊళ్ళున్నాయి. తెల్లవారుజాము నుంచి జనాన్ని తరలిస్తున్నారు. సగం మంది కూడా కదల్లేదు.

"నిచ్చెన మీంచి దిగి గునపంతో తోస్తే రోపు మళ్ళీ గాడిలో పడుద్ది మేడం. వెంకటప్పయ్య మోటారు దగ్గరుంటాడు. దిగమంటారా?"

శాంభవి జీపు అద్దంలోంచి పారే నీళ్ళను చూసింది. ఆ గేటు కింద ఇప్పుడు నీళ్ళెలా దూకుతుంటాయో, అటూ ఇటూ రెండు గేట్ల నుంచి తుంపర ఎలా కొడుతుంటుందో ఆమెకు తెలుసు. పోగులు లేచిన రోపూ తెలుసు.

"నడుముకి తాడు కట్టుకోండి," అంది. "కట్టుకుని దిగండి."

"అట్టాగేనండి."

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పగలిగినవాడు వెంకటప్పయ్య ఒక్కడే. ఆయన రెండో లస్కరు. యేసుకుమార్ తాడు కట్టుకునే దిగాడు. మూడుసార్లు తోస్తే రోపు గాడిలో పడింది. చెయ్యెత్తి లాగమని సైగ చేసి నిచ్చెన ఎక్కసాగాడు. గేటు లేచింది. నాలుగడుగులు, ఆరడుగులు, ఎనిమిదడుగులు. అక్కడ ఒక పక్క రోపు తెగింది. తెగిన రోపు కొరడాలా వెనక్కి కొట్టింది. ఆ దెబ్బకి నడుముకున్న తాడూ తెగిపోయింది. గేటు వంకరగా పైనే ఇరుక్కుని నిలిచింది, కిందినుంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి. నిచ్చెన మీద మనిషి లేడు.

శాంభవి ట్రాక్టరెక్కి కట్ట మీదికి చేరేసరికి రెండయింది. అప్పటికి నీటిమట్టం తగ్గుతోంది. ఎలిజబెత్ గోడ పక్కన వానలో కూర్చుని ఉంది. ఎవరు గొడుగు పట్టినా తోసేస్తోంది. మూడో రోజున, ఎనిమిది కిలోమీటర్ల దిగువన, వంతెన దగ్గర తుమ్మకంపల్లో శవం దొరికింది. ఆరు ఊళ్ళలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఊళ్ళవాళ్ళు ఆయన ఫొటోతో ఫ్లెక్సీలు కట్టారు. నెల తర్వాత విచారణ మొదలైంది. ముసాయిదా నివేదిక శాంభవి చేతికి వచ్చింది. అందులో ఒక వాక్యం ఉంది. సదరు లస్కరు పై అధికారుల అనుమతి లేకుండా, గేటు నిర్వహణలో నిర్లక్ష్యం కారణంగా ఏర్పడిన లోపాన్ని సరిచేయబోయి మరణించాడని.

ఆ కాయితం పట్టుకుని ఆమె సూపరింటెండింగ్ ఇంజనీరు పూర్ణచంద్రరావు గదికి వెళ్ళింది. ఆయన ఇరవై ఏళ్ళ కిందట ఆమెకు పని నేర్పిన మనిషి.

"సార్, ఆయన నన్నడిగే దిగాడు. నేనే దిగమన్నాను."

పూర్ణచంద్రరావు లేచి తలుపు వేసి వచ్చారు. "ఫోన్‌లో నువ్వేమన్నావో ఎవరికీ తెలీదమ్మా. వెంకటప్పయ్య కూడా అటువైపు మాట వినలేదు. చనిపోయినాయనకి దీనివల్ల కొత్తగా పోయేదేం లేదు. నీకింకా పదిహేనేళ్ళ సర్వీసుంది."

"పేరు పోతుంది సార్. నిర్లక్ష్యమని రాశారు. ఆ గేటుకి ఆయన పెట్టినంత గ్రీజు ఎవరూ పెట్టుండరు. జనవరిలోనే నాకు చెప్పాడు, ఇంకో వానాకాలం నమ్మొద్దని. నేను వినలేదు. అది ఏ రిజిస్టర్‌లోనూ లేదు. నేను చెప్పకపోతే ఇంకెక్కడా ఉండదు."

"నువ్వు వాయిదా వేసింది రైతుల కోసం. అందులో తప్పేముంది?"

ఆమె కాయితం తీసుకుని తన గదికి వెళ్ళింది. ఆ రోజే నాలుగు పేజీలు రాసి విచారణ కమిటీకి ఇచ్చింది. జనవరి మాట, జూన్ మాట, పది నలభై ఫోను మాట, అన్నీ రాసింది.

ఆ ఆదివారం గుణదల వెళ్ళింది. క్వార్టర్స్ ఖాళీ చేసి ఎలిజబెత్ తన అన్నయ్య ఇంటి మేడ మీది గదిలో ఉంటోంది. కొండకు వెళ్ళే రోడ్డు నుంచి లోపలికి మళ్ళే సందు. కొవ్వొత్తులమ్మే కొట్టు పక్కనుంచి మెట్లు. ఎలిజబెత్ చేటలో బియ్యం ఏరుతోంది. కూర్చోమని కుర్చీ చూపించి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

శాంభవి నీళ్ళు తాగకుండానే అంతా చెప్పేసింది. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం. ఎలిజబెత్ చేట పక్కన పెట్టి విన్నది.

"ఆయన దిగమంటారా అని అడిగారా?"

"అడిగారండి."

"అడిగితే మీరెంతసేపు ఆలోచించారు?"

శాంభవి ఈ ప్రశ్న ఊహించలేదు. "తెలీదు. పది సెకన్లు ఉంటుందేమో."

"పది సెకన్లా," అంది ఎలిజబెత్. "మీరు వద్దంటే దిగేవాడు కాదండి. ఎట్టాగూ దిగేవాడేలే అని మీరనుకుంటున్నారేమో. కాదు. పాతికేళ్ళలో చెప్పకుండా ఒక్క గేటు ఎత్తలేదు ఆయన. అన్నం తింటా ఉన్నా ఫోనొస్తే లేచి నిలబడి మాట్లాడేవాడు. మేడం చెప్పిందంటే ఆలోచించే చెప్పుద్ది అనేవాడు."

శాంభవి తల వంచుకుంది. కన్నీళ్ళు చేతుల మీద పడుతున్నాయి.

"ఆ ఆరు ఊళ్ళూ ఉండాలంటే ఎవరో ఒకరు దిగాల్సిందే," అంది ఎలిజబెత్. "అది నాకూ తెలుసు. ఆ కట్ట కింద కాపురం చేసినదాన్ని, నాకు తెలీకపోవటమేంటి. మీరొచ్చి నిజం చెప్పారు, మంచిదే. కానీ ఇంక రావద్దండి. మిమ్మల్ని చూస్తే నాకా ఫోను వినపడుద్ది."

శాంభవి లేచి నిలబడింది. నమస్కారం పెట్టబోతే ఎలిజబెత్ అప్పటికే చేట ఒళ్ళోకి తీసుకుని బియ్యంలోకి చూస్తోంది.

తుది నివేదికలో నిర్లక్ష్యం అన్న మాట తీసేశారు. విధి నిర్వహణలో మరణం అని రాశారు. శాంభవికి ఛార్జి మెమో వచ్చింది. మూడు నెలలు సస్పెన్షన్, ఆ తర్వాత ప్రాజెక్టు నుంచి తప్పించి, అదే ఆఫీసులో పాత పటాలు చూసే విభాగంలో వేశారు.

జనవరిలో జలాశయం ఖాళీ చేశారు. ఫిబ్రవరి నెలాఖరున ఒకరోజు రామకోటేశ్వరరావు ఆఫీసుకొచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"ఈ ఏడు ఎవరం ఏమీ వెయ్యలేదండి. ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేకపోయింది. బీడు పెట్టేశాం." కండువాతో మొహం అద్దుకున్నాడు. "పోయినేడు ఆ రోజు నేను రాకుండా ఉంటే..."

శాంభవి రెండు టీలు చెప్పింది. అటెండరు తెచ్చిన టీలు చల్లారిపోయాయి. ఆయన వెళుతూ చేతులు జోడించాడు. ఆమె కూడా జోడించింది.

మార్చి ఇరవైకి మూడో గేటు బిగింపు పూర్తయింది. వెంకటప్పయ్య ఫోన్ చేసి చెప్పాడు, చిన్నపిల్లాడు గుంజినా లేచేటట్టు ఉందని. చెప్పి, ఫోన్లోనే ఏడ్చాడు.

ఏప్రిల్ మొదటి తారీఖున ఆఫీసులో కొత్తమ్మాయి చేరింది. తండ్రి పోయినందుకు కారుణ్య నియామకం కింద వచ్చిన యేసుకుమార్ కూతురు శాలిని. నర్సింగు మూడో ఏడు మధ్యలో మానేసి వచ్చింది. ఆమెకు ఇచ్చిన బల్ల శాంభవి గదికి సరిగ్గా ఎదురుగా, వరండాలో. వచ్చే కాయితాలకు నంబర్లు వేసి ఆయా గదులకు పంపడం పని. తండ్రిలాగే గుండ్రటి అక్షరాలు.

శాలిని రోజూ పొద్దున్న అందరికీ పెట్టినట్టే శాంభవికీ నమస్తే పెడుతుంది. శాంభవి కూడా పెడుతుంది. అంతకుమించి ఇద్దరి మధ్యా మాటల్లేవు. మధ్యాహ్నం ఒంటిగంటకు శాలిని తన బల్ల దగ్గరే బాక్సు తెరిచి, వరండా కిటికీవైపు తిరిగి, ఒక్కతే నెమ్మదిగా తింటుంది. తినడం అయ్యేదాకా శాంభవి గది దాటి బయటికి రాదు. తలుపు దగ్గరగా వేసుకుని, ఎవరికీ అక్కరలేని పాత కాలవల పటం ఒకటి బల్ల మీద పరుచుకుని కూర్చుంటుంది.