అంతస్తుకో ముక్క

టై బాబు చేసింది మోసమే. అందులో రెండో మాట లేదు. అలా అనుకుంటూనే లిఫ్టు నడిపే గ్రంథం పాత బనియను గుడ్డతో బొత్తాల పలక తుడిచాడు. సున్నా నుంచి పన్నెండు దాకా పదమూడు బొత్తాలు. నాలుగో బొత్తం మీద అంకె అరిగిపోయి చాలాకాలమైంది. అయినా దాన్నీ తుడిచాడు. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే చేసే పని ఇవాళ మానేస్తే టై బాబు గెలిచినట్టవుతుంది.

టై బాబు ఈ భవనానికి మేనేజరు. ఎండ మాడుస్తున్నా మెడకి టై వదలడు. రెండు నెలల కిందట మూడు సాయంత్రాలు వరసగా లిఫ్టు పక్కన నిలబడి, గ్రంథం చెబుతుంటే ఫోనులో ఎక్కించుకున్నాడు.

"నీకు తెలిసినవన్నీ చెప్పెయ్ గ్రంథం. ఒక్కటీ దాచుకోకు. లిఫ్టుకి కొత్త మోటారొచ్చాక నీకు కింద హాల్లో కుర్చీ వేయిస్తా. వచ్చినవాళ్ళకి దారి చూపిస్తూ దర్జాగా కూర్చుందువుగాని."

గ్రంథం లోకంలోని వింతలు నూట నలభై ముక్కలు చెప్పాడు. ఇప్పుడవి తలుపుకి పైన, లోపలి వైపు బిగించిన సన్నటి తెరలో ఎర్రటి అక్షరాలై కుడి నుంచి ఎడమకి పాకుతున్నాయి. పక్కనే కంపెనీ ముద్ర. ఈ మధ్యాహ్నం మూడు దాటితే లిఫ్టులో మనిషి అక్కర్లేదు. కుర్చీ ఊసు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి గ్రంథమన్న పేరు ముద్దుగా పెట్టారో, ఎగతాళిగా పెట్టారో! మొత్తానికి అంటుకుపోయింది. బక్కపలచని ఒళ్ళు. రోజంతా కుడిచెయ్యి బొత్తాల మీదే ఉండి ఉండి, ఎడమ భుజం వేలెడు కిందకి జారింది. మోకాళ్ళ దగ్గర ప్యాంటు నిగనిగలాడుతోంది.

ఇంట్లో భార్యకి చిన్న పచారీ కొట్టు. పొట్లాలకి పాత పేపర్లు చింపే పని అతనిది. చింపే ముందు చదువుతాడు. ఒకసారి ఒక ముక్కలో "చరిత్రలోకెల్లా చిన్న యుద్ధం జరిగింది కేవలం" అని ఉంది. అక్కడికి చినిగిపోయింది. మిగతా ముక్క ఎవరింటికో జీలకర్రతో వెళ్ళిపోయింది. ఆ "కేవలం" అతన్ని నాలుగేళ్ళు నిద్రలో కూడా గోకింది. చివరికి మరో పాత పుస్తకంలో దొరికింది. సగం మాట చెవిలో దూరిన చీమ లాంటిదని అప్పుడే తెలిసింది.

అందుకే లిఫ్టులో ఎవరికీ సగం చెప్పలేదు. పాత మోటారు మీద లిఫ్టు అంతస్తుకి ఐదు సెకన్లు తీసుకునేది. రెండో అంతస్తు వాళ్ళకి ఆక్టోపస్ మూడు గుండెలు. పది సెకన్లలో సరిపోతుంది. ఏడో అంతస్తుకి వాంబాట్ అనే జంతువు పెంటికలు. పాచికల్లా నలుచదరంగా పడతాయని చెప్పి, వాళ్ళు నవ్వడానికి కూడా వ్యవధి ఉండేది. పన్నెండో అంతస్తుకి పెద్దది: మనుషులెక్కే లిఫ్టు పుట్టకముందే ఒకాయన తన భవనంలో దానికోసం కింది నుంచి పైదాకా గుండ్రటి ఖాళీ వదిలిపెట్టాడట, ఎలాగూ ఎవడో ఒకడు కనిపెడతాడని. ఆఖరి మాట పడేసరికి తలుపు తెరుచుకునేది. ఒక్కనాడూ తప్పలేదు. ఆ సంగతి గమనించినవాళ్ళూ లేరు.

పొద్దున్న బయల్దేరుతుంటే భార్య అంది: "ఏ జంతువుకి ఎన్ని గుండెలో అన్నీ తెలుసు నీకు. ఆ టై కట్టుకున్నవాడికి ఒక్కటైనా లేదని మాత్రం తెలీలేదు."

పదకొండింటికి టై బాబు ఎక్కాడు. ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు.

"బాబూ, ఆ కుర్చీ సంగతి..."

"ఏం కుర్చీ? ఓ, అదా. చూద్దాంలే గ్రంథం. పైవాళ్ళు ఒప్పుకోవాలి కదా."

"పైవాళ్ళంటే ఎవరు బాబూ? పన్నెండు దాటితే నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ లేదు."

టై బాబు చెయ్యి చాపి మూడో బొత్తం తనే నొక్కాడు. ఐదో అంతస్తులో దిగాల్సినవాడు మూడులోనే దిగిపోయాడు. దాంతో గ్రంథానికి కుర్చీ మీద ఆశ తెగింది.

ఎక్కినవాళ్ళంతా మెడలెత్తి తెర చూస్తున్నారు. కొత్త మోటారు జోరు ఎక్కువ. అక్షరాలు మాత్రం వాటి నడకే నడుస్తున్నాయి. "ఆక్టోపస్‌కి మూడు" అనగానే రెండో అంతస్తు వచ్చేస్తోంది. మూడేమిటో ఎవరూ అడగలేదు. దిగిపోతున్నారు. ఇన్నేళ్ళూ తను చెప్పింది కూడా ఇలాగే విన్నారా అని అతనికి అనుమానం పట్టుకుంది. శుక్రగ్రహం మీద ఏడాది కంటే రోజే పెద్దదని ఎందరికో చెప్పాడు. ఇవాళ తనే నమ్మాడు.

మూడుకి పది నిమిషాలుందనగా నాలుగో అంతస్తు అమ్మగారు ఎక్కింది. ఫైళ్ళ గదిలో గుమాస్తా. పేరుకి గారు తగిలించి పిలిచే మనిషి ఈ భవనంలో ఆవిడ ఒక్కతే. రోజూ "ఇవాళ ఏమిటి గ్రంథంగారూ?" అనేది. ఇవాళ మాత్రం అందరిలాగే తల పైకెత్తింది.

తెర మీద యుద్ధం మొదలైంది.

ఆ ముక్క అతను ఆవిడకెప్పుడూ చెప్పలేదు. ఆవిడ రిటైరయ్యే రోజుకని దాచాడు. ఒక్కటీ దాచుకోవద్దని టై బాబు అంటే, కుర్చీ కోసం అదీ చెప్పేశాడు.

"చరిత్రలోకెల్లా చిన్న యుద్ధం జరిగింది కేవలం" దాకా వచ్చింది. తలుపు తెరుచుకుంది. బయట నిలబడ్డవాళ్ళు తోసుకుంటూ లోపలికొచ్చారు. ఆవిడ బయటికి జరగక తప్పలేదు. అక్కణ్ణించి తెర కనబడదు. వెనక్కి తిరిగింది.

"కేవలం ఎంతసేపండీ?"

చెప్పడానికి రెండు సెకన్లు చాలు. గ్రంథం పెదవి కదిలింది. తర్వాత గడ్డంతో తెర వైపు చూపించాడు.

"దాన్నే అడగండమ్మా."

ఆవిడ మొహం చిన్నబోయింది. తలుపులు మూసుకున్నాయి.

పైన అందరూ దిగిపోయారు. ఖాళీ లిఫ్టులో కిందికి వస్తూ, నాలుగో అంతస్తు దాటుతుండగా, "ముప్పై ఎనిమిది నిమిషాలు," అన్నాడు గ్రంథం. మళ్ళీ అన్నాడు, కాస్త గట్టిగా. లిఫ్టు ఆగలేదు.

కింద కాపలావాడు గోడ గడియారం చూపించాడు. మూడయింది. గ్రంథం టిఫిను డబ్బా, బనియను గుడ్డ సంచిలో వేసుకుని బయటికి అడుగుపెట్టాడు.

"అన్నా, స్టూలు వదిలేశావు. నువ్వు చేయించుకున్నదే కదా."

"ఉండనీ. ఎవరైనా అడిగితే టై బాబు వేయించిన కుర్చీ అని చెప్పు."

ఎవరో పైన బొత్తం నొక్కారు. తలుపులు వాటంతటవే దగ్గరకొచ్చాయి. నాలుగడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు. మొత్తం పద్నాలుగు చదరపు అడుగులు. భూమ్మీద అతనిదనుకున్న చోటు అంతే. దాంతోపాటే మూలన, ఇరవై ఆరేళ్ళు ఒకే మనిషి కూర్చుని కూర్చుని మధ్యలో పళ్ళెంలా గుంటపడ్డ చెక్క స్టూలు, పైకి వెళ్ళిపోయింది.