ఒక్కపొద్దు గోళీలు

మా అత్తమ్మ నర్సింహమ్మ పొద్దున్నే మింగే గోళీలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె మీద కాదు, ఇచ్చినవాళ్ల మీద. అరచేతిలో పోసుకుంటే పిడికిలి మూసుకోదు. ఇబ్రహీంపట్నం అంగట్లో చెరువు చేపలు అమ్మి ఇల్లు నిలబెట్టిన మనిషి ఆమె. బేరంలో ఎవరికీ లొంగదు. డాక్టరు ఎదుట మాత్రం నోరు విప్పదు.

మొదట బీపీ, షుగరు వచ్చాయి. వాటికి మా దగ్గరి దవాఖానలోనే నెలనెలా గోళీలు ఇస్తారు. నిరుడు గుండెనొప్పి వస్తే హైదరాబాద్ తీసుకుపోయాం. అక్కడి గుండె డాక్టరు స్టెంటు వేసి, సంచి నిండా గోళీలు రాసి పంపాడు. అందులో షుగరువి కూడా ఉన్నాయి. తర్వాత మా ఆయన బాలేష్ వాళ్ల కంపెనీ ఉచిత క్యాంపు పెట్టింది. ఆయన ఆదిభట్లలో స్టాఫు బస్సు నడుపుతాడు. ఉచితం కదా అని అత్తమ్మను, నన్ను ఎక్కించుకుపోయాడు. క్యాంపు డాక్టరు వేలు గుచ్చి చూసి, షుగరు ఎక్కువుందని ఇంకో అట్ట గోళీలు ఇచ్చాడు.

ప్రతిచోటా నేను పాత గోళీల సంచి బల్ల మీద పెట్టాను. ఒక్కరూ విప్పి చూడలేదు. పాతవి వాడుతూనే ఉండమన్నారు, వాటితో పాటు ఇవి కూడా వేసుకోమన్నారు. కలపడం అందరికీ వచ్చు, తీసెయ్యడం ఏ ఒక్కరికీ రాదు. ఎవరికి వారే యమునా తీరే. కొన్ని మానేసి చూద్దామని నేనంటే, అంత చదువుకున్నవాళ్లు ఎర్రోళ్లా, నువ్వేమన్నా పెద్ద డాక్టర్‌వా అని అత్తమ్మ నన్నే కసిరింది.

ఇక బోనాల సంగతి చెప్పాలి. మేం ముదిరాజులం. పెద్దమ్మ తల్లికి బోనాలు తీసే రోజు మా వాడలో అమ్మ వచ్చేది మా అత్తమ్మ మీదికే. పెళ్లయి వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను. అమ్మ వచ్చిందంటే అత్తమ్మ నిటారుగా నిలబడుతుంది. గొంతు గుడి బయటికి వినబడుతుంది. పూజ సరిగ్గా చెయ్యనివాళ్లను పేరు పెట్టి మరీ తిడుతుంది. ఆ రోజు బోనం ఎక్కేదాకా ఆమెకు ఒక్కపొద్దు. మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు.

ఈసారీ ముట్టలేదు. గోళీలు మాత్రం అన్నీ మింగింది. ఒక్కపూట కూడా తప్పొద్దని డాక్టర్లందరూ బెదిరించారు మరి. తిండి లేనిరోజు ఏం చెయ్యాలో వాళ్లు చెప్పలేదు. ఒక్కపొద్దులు ఉంటావా అమ్మా అని అడిగే ఓపిక వాళ్లకెక్కడిది? మా ఆడవాళ్లలో వారానికో ఒక్కపొద్దు ఉండనివాళ్లు తక్కువ. ఆ మాత్రం తెలియకుండానే ఇక్కడ మందులు రాస్తారు.

బోనాలు గుడి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. డప్పులు మోగుతున్నాయి. అత్తమ్మ ఊగడం మొదలుపెట్టింది. అమ్మ వచ్చింది, అమ్మ వచ్చింది అని జనం చుట్టూ మూగారు. వేపకొమ్మలు తెచ్చారు, పసుపునీళ్లు కుమ్మరించారు, మైసాచి సాంబ్రాణి పొగ వేశారు. మా కులపెద్ద మల్లేశయ్య ముందుకొచ్చి చేతులు జోడించి, కొత్త బోరులో నీళ్లు పడతాయా తల్లీ అని అడిగాడు. ఆమె ఏదో గొణిగింది. పడతాయని అమ్మ మాటిచ్చిందని మల్లేశయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

నాకు మాత్రం అనుమానం వచ్చింది. ఇది అమ్మ కాదు. అమ్మ ఇలా మోకాళ్ల మీద కూలదు. నెత్తి మీది బోనం ఒక చేత్తో పట్టుకుని దగ్గరికిపోయి, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. రవిక చెమటకు తడిసి ముద్దయింది. నన్ను చూసింది గానీ గుర్తుపట్టలేదు. షుగరు పడిపోయింది, నోట్లో తీపి ఏదన్నా వెయ్యాలి అని అరిచాను. అమ్మ మీదున్న మనిషిని ముట్టుకోవద్దని నలుగురు ఆడవాళ్లు నన్ను వెనక్కి లాగారు. బోనం ఎక్కకముందు నోట్లో ఏమీ పెట్టకూడదని మల్లేశయ్య అడ్డం నిలబడ్డాడు.

నా నెత్తి మీదే బోనం ఉంది. అందులో బెల్లపన్నం ఉంది. ఆడవాళ్లను విదిలించుకుని, మల్లేశయ్యను దాటుకుపోయి, కుండ కిందికి దించి, దీపం పక్కన పెట్టి, చేత్తో తీసి కొంచెం కొంచెంగా ఆమె నోట్లో పెట్టాను. డప్పులు ఆగిపోయాయి. అమ్మకు ఎక్కాల్సిన బోనాన్ని ఎంగిలి చేసిందని నన్ను తిట్టనివాళ్లు లేరు. నేను తల ఎత్తలేదు. ఆమె మింగుతోంది, నాకు అదే చాలు. మా ఆయన ఆటో తెచ్చేసరికి నా పేరు పిలిచింది.

దవాఖానలో డ్యూటీ డాక్టరు గ్లూకోజు ఎక్కించాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు. రాత్రంతా కనిపెట్టి చూశారు. మరునాడు నేను గోళీలన్నీ మంచం మీద పరిచి పెడితే, పేర్లన్నీ ఒక చీటీ మీద రాసుకుని, మూడు అట్టలు పక్కకు తీసి, ఇవి మూడూ షుగరుకే, మూడింట్లో ఉన్నది ఒకటే మందు, కంపెనీ పేర్లే వేరన్నాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. మా ఇంట్లో ఒక్క నాలుకకు ముగ్గురు మందేశారు.

అయితే చీటీలో రెండు కొట్టెయ్యమన్నాను. ఆయన గతుక్కుమన్నాడు. ఒకటి తమ దవాఖానదేనట, అది వాడాల్సిందేనట. రెండోది గుండె డాక్టరు రాశాడు కాబట్టి ఆయన్నే అడగాలట. క్యాంపుది క్యాంపువాళ్లకే తెలియాలట. పైగా కడుపులో మంట తగ్గడానికని ఇంకో గోళీ రాయబోయాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

సరిగ్గా అప్పుడే మల్లేశయ్య ఇద్దరు పెద్దమనుషులను వెంటేసుకుని వార్డులోకి వచ్చాడు. పరామర్శ రెండు ముక్కల్లో ముగించి నావైపు తిరిగాడు.

“బోనం ఎంగిలి చేసినవ్ శోభా. ఇది చిన్న తప్పు కాదు. గుడి ముంగట నలుగుర్ల తప్పు ఒప్పుకోవాలె. లేకుంటే వచ్చే ఏడు మీ ఇంటి బోనం ఎత్తనియ్యం.”

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ లేచి కూర్చుంది. చేతికి సూది అలాగే ఉంది.

“మల్లేశన్నా, నిన్న నా మీద ఉన్నది ఎవరన్నవ్? పెద్దమ్మ అన్నవ్. గట్లయితే బోనం పెద్దమ్మనే తిన్నది, ఎంగిలెట్లయితది? పెద్దమ్మ కాదంటవా, మరి పాణం పోయేదాన్ని పట్టుకోని నీ బోరు ముచ్చట అడిగినవ్. రెండిట్ల ఏదో ఒకటి చెప్పు.”

మల్లేశయ్య కండువా సర్దుకున్నాడు. డాక్టరుకు నవ్వొచ్చినట్టుంది, పెదవి బిగబట్టాడు. అత్తమ్మ ఆయన వైపు తిరిగింది. ఏ డాక్టరు ముందూ ఆమె అలా మాట్లాడగా నేను వినలేదు.

“నవ్వకు సారూ. ఈయనకు తెల్వదు, బోరు గురించి అడిగిండు. నీకు తెల్సు. తెల్సి కూడ నీ గోళీ నువ్వు తియ్యవు, సిటీల సారుది ముట్టవు. గోళీలు మీయే. కడుపెవరిది?”

డాక్టరు మొహంలో నవ్వు పోయింది. చీటీ ముందుకు లాక్కున్నాడు. తర్వాత పెన్ను తీసి, తమ దవాఖాన గోళీని అడ్డంగా కొట్టేశాడు. క్యాంపు గోళీని కూడా కొట్టేశాడు. మిగతా వాటి గురించి హైదరాబాద్ డాక్టరుకు తనే ఫోన్ చేసి మాట్లాడతానన్నాడు.

మొత్తం కలిపితే రెండు గీతలు. ఆ రెండు గీతలు గీయించడానికి మా అత్తమ్మ చావు దాకా పోయి రావాల్సి వచ్చింది.