పికప్ మీద గది

పెర్సిస్ నర్సు. పురుగులు పట్టిన పుండ్లు కడిగి, చేతులు కడుక్కుని, వెంటనే అన్నం తినగలిగిన మనిషి. అలాంటి పెర్సిస్‌కి కూడా ఆ అక్టోబరు సాయంత్రం భర్త తెచ్చి ఇంటి వెనక సందులో నిలిపిన పికప్ దగ్గరికి వెళ్ళగానే కంపుకి ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

కతార్ ఉత్తర కొసన అల్ రువైస్‌లో చేపల వ్యాపారి ఒకడు తొమ్మిదేళ్ళు వాడి వదిలించుకున్న బండి అది. తొట్టి మీద పొలుసులు ఎండి అంటుకుని ఉన్నాయి. సందులో ఉన్న పిల్లులన్నీ అప్పటికే దాని చుట్టూ చేరాయి.

"ఏవండీ, దీన్ని ఏం చేస్తారు?" అంది ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని.

"దీని మీద గది కడతాను" అన్నాడు రిచర్డ్. "పరుపు, పొయ్యి, కిటికీ, అన్నీ. చలికాలం అంతా మనం ఎక్కడ కావాలంటే అక్కడ ఉండొచ్చు."

రిచర్డ్‌ది పాలకొల్లు పక్క ఊరు. దోహాలో ఒక కన్సల్టెంట్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. చలికాలం వచ్చిందంటే ఆ ఊళ్ళో సగం మంది గుడారాలు వేసుకుని ఎడారికి పోతారు. అతని ఆఫీసులో ఇంగ్లీషు ఇంజనీరుకి అలాంటి గది బండి ఉంది. దాన్ని చూసినప్పటి నుంచి రిచర్డ్‌కి నిద్ర లేదు. అల్ దోహా అల్ జదీదాలోని రెండు గదుల ఇంట్లో భోజనాల బల్ల నిండా డ్రాయింగులు పరిచాడు. కొలతలు, కోతలు, రంగులు. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. కానీ కాగితానికి కంపు ఉండదు కదా.

మరుసటి శుక్రవారం బుచ్చన్న వచ్చాడు. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. నలభై ఏళ్ళుంటాయి. రిచర్డ్ తనిఖీకి వెళ్ళే సైటులో షట్టరింగ్ కార్పెంటర్. కాంక్రీటు పోసే పలకలు బిగించి బిగించి విసిగిపోయాడు. జాయినరీ వర్క్‌షాపులో తలుపులు, అల్మారాలు చేసే పనికి మార్పిస్తానని రిచర్డ్ మాటివ్వడంతో, సెలవు రోజున వచ్చి ఈ పని చేయడానికి ఒప్పుకున్నాడు.

తొట్టిలో అడుగున ఒక చెక్క పలక బిగించి ఉంది. బుచ్చన్న దాన్ని గడ్డపారతో లేపాడు. కింద వేలెడు మందాన నల్లటి జిగట. అందులో తెల్లటి పురుగులు మెదులుతున్నాయి. రిచర్డ్ నాలుగడుగులు వెనక్కి వేసి గోడ పక్కన వాంతి చేసుకున్నాడు.

"అక్కా, జర దూరం నిలవడుండ్రి" అన్నాడు బుచ్చన్న. "ఒక సంచెడు సున్నం గావాలె. సోడా గూడ. గింతే, రెండు శుక్రారాల్ల సాఫ్ జేస్త."

చేశాడు. తాపీతో గీకి, సున్నం చల్లి, బ్రష్షుతో తోమి, మళ్ళీ సున్నం చల్లాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ బురదని బకెట్లకి ఎత్తుతున్నంతసేపూ రిచర్డ్ బాల్కనీలో నిలబడి, ముక్కుకి రుమాలు కట్టుకుని, "ఆ మూల చూడు, ఆ మూల" అని చెప్పాడు. పెర్సిస్ కిందికి టీ తీసుకెళ్తే బుచ్చన్న చేతులు చూపించి నవ్వాడు. గ్లాసు పట్టుకునేలా లేవు. ఆమే పైపు విప్పి అతని చేతుల మీద నీళ్ళు పోసింది.

మూడో శుక్రవారానికి తొట్టికి ఎర్ర ప్రైమరు పడింది. నవంబరు నెలాఖరుకి గది లేచింది. చెక్క చట్రానికి రెండు వైపులా ప్లైవుడ్, మధ్యలో చలి ఆగడానికి థర్మోకోల్, బయట అల్యూమినియం రేకు. పరుపు కింద సామాన్లకి సొరుగులు. గోడకి మడిచి పెట్టుకునే బల్ల. పొయ్యి వెలిగించినప్పుడు పొగ పోవడానికి కప్పులో ఒక మూత. పక్క గోడకి జరిపే అద్దం కిటికీ. రిచర్డ్ గీతల్లో కిటికీ లేని చోట, "లోపట గాలాడకుంటె అక్కకు తల తిరుగుతది సారూ" అని బుచ్చన్న పట్టుబట్టి పెట్టింది అది.

పెర్సిస్‌కి ఏవగింపు మెల్లగా తగ్గింది. కర్టెన్లు కుట్టింది. కొత్త పరుపుకి గళ్ళ దుప్పటి కొంది. సొరుగులు ఒక వేలితో లాగితే వచ్చేవి. పని చూసి ముచ్చటపడి, "ఇది మీ ఊరికి తీసుకుపోవచ్చు బుచ్చన్నా" అంటే, "మా ఊర్ల గీ తోవలకు రెండు రోజులు గూడ ఆగది" అన్నాడు.

డిసెంబరు ఆఖరి శుక్రవారం మొదటి ప్రయాణం. రిచర్డ్ తమ ప్రార్థన కూడికలోని జేమ్స్‌నీ అతని భార్య తెరెసానీ పిలిచాడు. వాళ్ళు తమ కారులో వెనక వచ్చారు. ఏదైనా ఊడితే బిగించడానికి బుచ్చన్న కూడా ఉండాలన్నాడు. దారిలో వంటపాత్రలు దొర్లకుండా పట్టుకోమని అతన్ని గదిలో కింద కూర్చోబెట్టాడు. పక్కనే ఖాళీ పరుపు ఉంది. పెర్సిస్ అది చూసింది, పట్టించుకోలేదు.

అల్ రువైస్ దాటి సముద్రం ఒడ్డున బండి ఆపారు. గాలి కోసుకుపోతోంది. కోడికూర, అన్నం వండారు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మి వాన మొదలైంది. నలుగురూ కంచాలు పట్టుకుని గదిలోకి ఎక్కి కూర్చున్నారు. బుచ్చన్న బండి వెనక కట్టిన టార్పాలిన్ కింద నిలబడ్డాడు. గాలికి వాన అతని మీదికే కొడుతోంది.

"బుచ్చన్నని కూడా రమ్మనండి. చోటుంది" అంది పెర్సిస్.

"కాళ్ళ నిండా ఇసక. కార్పెట్ పాడవుద్ది" అన్నాడు రిచర్డ్.

ఆ మాట పూర్తవుతుండగానే కప్పులో మూత దగ్గర నీళ్ళు కారడం మొదలైంది. అప్పుడు మాత్రం బుచ్చన్నని లోపలికి పిలిచాడు. అతను చెప్పులు విడిచి, తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని ఎక్కాడు. కప్పు తలకి తగిలేంత కిందికి ఉండడంతో పరుపు అంచున కూర్చుని, వెనక్కి వాలి, మూత చుట్టూ రబ్బరు సర్ది మరలు బిగించాడు. అయిదు నిమిషాల్లో కారడం ఆగిపోయింది.

"మంచి పనిమంతుడే" అంది తెరెసా.

"సరే, ఇక నువ్వెళ్ళు" అన్నాడు రిచర్డ్ అతనితో. బుచ్చన్న దిగాడు.

రిచర్డ్ లేచి పెర్సిస్ మందుల పెట్టె తెరిచాడు. దూది తీసి డెట్టాల్‌లో ముంచాడు. బుచ్చన్న కూర్చున్న చోట దుప్పటిని ముందు ఒకసారి, తర్వాత ఇంకోసారి తుడిచాడు. "లేబర్ క్యాంపులో ఒక్కో మంచానికి లక్ష నల్లులు. ఒక్కటెక్కినా మన పని అయిపోయినట్టే" అన్నాడు. జేమ్స్ నవ్వాడు. తెరెసా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పెర్సిస్ కిటికీ వైపు చూసింది. అద్దం అవతల వానలో బుచ్చన్న నిలబడి ఉన్నాడు. రిచర్డ్ చేతిలోని దూదినే చూస్తున్నాడు.

పెళ్ళైన కొత్తలో ఒకరోజు రిచర్డ్ ఆమె ఒడిలో తలపెట్టుకుని ఏడ్చాడు. ఊళ్ళో టీ హోటలు ముందు వాళ్ళ నాన్న ఒకసారి పొరపాటున బల్ల మీద కూర్చుంటే, లేచాక హోటలువాడు ఆ బల్ల మీద బకెట్ నీళ్ళు పోశాడట. ఆరేళ్ళ రిచర్డ్, నాన్న వేలు పట్టుకుని అది చూశాడట. ఆ ఏడుపు చూసి పెర్సిస్ కూడా ఏడ్చింది. ఆ రోజు నుంచే ఇతన్ని ప్రేమించానని ఆమె అనుకునేది.

ఇప్పుడు ఆ దూది, ఆ చెయ్యి, ఆ నవ్వు చూశాక ఆమె చేతిలోని ముద్దని కంచంలోకి వదిలేసింది. కంచం కింద పెట్టేసి, గిన్నెలో అన్నం, కూర పెట్టుకుని వానలోకి దిగింది.

"తినండి బుచ్చన్నా" అంది.

"మీరు లోపటికి పోండ్రి అక్కా. తడుస్తరు."

"నాకు లోపల ఊపిరాడట్లేదు."

అతను గిన్నె తీసుకోలేదు. "ఆ తొట్టిల పురుగులు తీసేటప్పుడు గూడ నాకు గింత రోత పుట్టలే. మనసున వెట్టుకోకుండ్రి, నేను మాత్రం ఈడ అన్నం దినలేను."

గదిలోకి చేయి పెట్టి తన పనిముట్ల సంచి తీసుకున్నాడు. చెప్పులు వేసుకుని రోడ్డు వైపు నడిచాడు. రిచర్డ్ తలుపు దగ్గరికి వచ్చి, "ఏయ్, ఎక్కడికి? సాయంత్రం టార్పాలిన్ ఎవరు విప్పుతారు?" అని అరిచాడు. బుచ్చన్న తిరిగి చూడలేదు. అర మైలు అవతల ఒక నీళ్ళ ట్యాంకరు ఆగి అతన్ని ఎక్కించుకుంది. పెర్సిస్ వెళ్ళి పికప్‌లో డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. దోహా చేరేదాకా దిగలేదు.

ఇంటికొచ్చాక ఒకే మాట అంది. "మీరు వెళ్ళి ఆయన్ని క్షమాపణ అడగండి. అప్పటిదాకా నా పక్కన కూర్చోకండి."

మొదట రిచర్డ్‌కి కోపం వచ్చింది. నువ్వు నర్సువి, శుభ్రత నీకు తెలియదా అన్నాడు. రెండు రోజులు అలిగాడు. వారం తిరిగాక, జనవరి మొదటి శుక్రవారం, కేకు పొట్లం పట్టుకుని, ఆఫీసు కారులో ఇండస్ట్రియల్ ఏరియాలో బుచ్చన్న ఉండే క్యాంపుకి వెళ్ళాడు. వచ్చి కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. "చేతులు పట్టుకున్నాను పెర్సీ. పొరపాటైందన్నాను. ఏం పర్లేదు సారూ అని ఆయనే నన్ను ఓదార్చాడు."

పెర్సిస్ మనసు కుదుటపడింది. ఆ వారం అంతా మామూలుగా ఉంది. బుచ్చన్నని ఇంటికి భోజనానికి పిలవాలనుకుని, తర్వాతి శుక్రవారం పొద్దున టాక్సీ ఎక్కి తనే క్యాంపుకి వెళ్ళింది.

ఆడమనిషి లోపలికి వెళ్ళే చోటు కాదు. గేటు దగ్గర నిలబడితే వాచ్‌మన్ కబురు పంపాడు. బుచ్చన్న లుంగీ మీద చొక్కా వేసుకుంటూ వచ్చాడు.

"సారు వచ్చి మాట్లాడారు కదా. అందుకే భోజనానికి పిలుద్దామని వచ్చాను" అంది.

బుచ్చన్న ఆమె ముఖంలోకి చూశాడు. చొక్కా ఆఖరి గుండీ పెట్టుకున్నాక చెప్పాడు.

"సారు అచ్చిండు, నిజమే. నేను పైన బట్టలారేస్తున్న. గేటుకాడ కారు ఆపి హారన్ గొట్టిండు. అద్దం దించి వాచ్‌మన్ చేతిల పొట్లం వెట్టిండు. మర్లిపోయిండు. కారు దిగలే అక్కా."

పెర్సిస్‌కి రిచర్డ్ కళ్ళు తుడుచుకున్న తీరు గుర్తొచ్చింది. నాలుక మీద ఏదో కుళ్ళిన రుచి తగిలినట్టయింది.

"నేను చెప్తున్నాను, క్షమించండి" అంది.

"మీరెందుకు జెప్తరు? మీరు నా చేతుల మీద నీళ్ళు వోసిన్రు, యాది ఉన్నది. కాని మీ ఇంటికి రాను. సారు మార్పిస్తనన్న పని గూడ నాకద్దు. నా సంగతి నేను జూసుకుంట."

ఆ సాయంత్రం కూడిక జేమ్స్ ఇంట్లో. పాతికమంది చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాక జేమ్స్ సాక్ష్యాలు చెప్పమన్నాడు. రిచర్డ్ లేచాడు. దేవుడు తన గర్వాన్ని ఎలా విరిచాడో చెప్పాడు. క్యాంపులో మురికి నేల మీద, ఒక కూలి సహోదరుని పాదాల దగ్గర మోకరించానన్నాడు. వారం కిందట చేతులు పట్టుకున్నది ఈ వారానికి మోకాళ్ళ దాకా వచ్చింది. ఇద్దరు ముసలమ్మలు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు.

పెర్సిస్ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఇది జరగలేదు. ఈయన కారు దిగలేదు. పొద్దున నేను బుచ్చన్న దగ్గరికి వెళ్ళొచ్చాను. ఆయన కూర్చున్న చోటుని ఈయన డెట్టాల్‌తో తుడిచాడు. నవ్వినవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు. అంతకుముందు ఆయన్ని పాత్రల పక్కన కింద కూర్చోబెడితే చూసి ఊరుకున్నది నేను."

తెరెసా తల వంచుకుంది. "అమ్మా, ఇంటి విషయాలు ఇంటి దగ్గర..." అన్నాడు జేమ్స్. పెర్సిస్ చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసింది.

ఇంట్లో రిచర్డ్ అడిగాడు. "నా పరువు తీశావు. నేనంటే నీకు అంత అసహ్యమా?"

"అవును" అంది. అబద్ధం చెప్పే ఓపిక ఆమెకి లేదు.

రెండు రోజులకి సూట్‌కేసు సర్దుకుని నర్సుల క్వార్టర్స్‌లో చేరింది. ఫిబ్రవరిలో రిచర్డ్ ఆ బండిని ఎవరో మెకానిక్‌కి ఇచ్చేశాడు. ప్రతి శుక్రవారం క్వార్టర్స్ గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. ఆమె వచ్చి, "బుచ్చన్న దగ్గరికి వెళ్ళారా?" అని అడిగేది. అతను నేల చూసేవాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయేది.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ఆమె అడగకముందే చెప్పాడు.

"వెళ్ళాను. ఆయన గది గుమ్మం దాకా వెళ్ళాను. లోపల తోటివాళ్ళందరూ ఉన్నారు. మా నాన్న సంగతి చెప్పి క్షమించమన్నాను. బుచ్చన్న లేచి తలుపేసుకున్నాడు. చాలాసేపు బయటే నిలబడి వచ్చేశాను."

పెర్సిస్ అతని ముఖం చూసింది. ఈసారి కళ్ళు తుడుచుకోవడం లేదు. ఆ మాట నమ్మింది. కానీ ఆ రోజు అతనితో ఇంటికి వెళ్ళలేదు. "వచ్చే శుక్రవారం రండి. మాట్లాడుకుందాం" అని చెప్పి డ్యూటీకి వెళ్ళింది.