జానెడు లేచిన జీపు

పప్పు గిన్నె మూత కదలకుండా పాత తువ్వాలుతో ముడి వేస్తుంటే మా అత్తయ్య బసవమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఇయాళ దేనిమీద పోతావే జ్యోతీ?"

"నడిచే పోతానత్తయ్యా."

"ఇంటిముందు అంత బండి పెట్టుకునా?"

దానికి నా దగ్గర జవాబుంది. కానీ రెండు చేతుల్లో గిన్నెలున్నాయి. గొడవ పడాలంటే చేతులు ఖాళీగా ఉండాలి. అందుకని ఊరుకున్నాను.

మాది మిరప. కోతలు మొదలైతే మా ఇంట్లో ఆడదాని పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆ కోటప్పకొండ స్వామికే తెలియాలి. పొరుగూరి నుంచి రెబ్కా అనే మేస్త్రీ తన ఆడకూలీల ముఠాను తీసుకొస్తుంది. వాళ్ళకు మధ్యాహ్నం వేడన్నం రైతే పెట్టాలి. పెట్టకపోతే మర్నాడు పెట్టే రైతు చేలో ఉంటారు. అందులో వాళ్ళ తప్పేం లేదు. ఎండలో నడుము వంచి, ఘాటుకు తుమ్ముతూ కాయ కోసే మనిషికి ఆ మాత్రం అడిగే హక్కుంది. నాకు అర్థం కానిదల్లా ఆ 'రైతు' అన్న మాటే. 'శివనాగరాజు గారు కూలోళ్ళకు భోజనం బాగా పెడతారు' అని చుట్టుపక్కల నాలుగూళ్ళలో మా ఆయనకు పేరు. ఆయన ఇంతవరకు పొయ్యి వెలిగించి ఎరగరు. ఆ పేరులో పప్పు నాది, గోంగూర నాది, మోత నాది. పేరు మాత్రం ఆయనది.

చేలోకి వెళ్ళే దారి వాగు దాటాక అంతా నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే ఆటోవాడు రానంటాడు, మా ఆయన స్కూటీ జారుతుంది. ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా పోయిన వేసవిలో మా ఆయన ఒక పాత జీపు కొన్నారు. నాలుగు చక్రాలూ లాగే రకం. 'నీ కోసమేనే' అన్నారు. నేను నమ్మాను. దేవుడి గదిలోకి వెళ్ళి స్వామికి కూడా చెప్పాను, నా కోసమట అని.

కోసేసిన పత్తి చేలో ఆయనే నాకు నడపడం నేర్పారు. ఆ సంగతి నిజంగానే చెప్పుకోవాలి, ఓపిగ్గా నేర్పారు. లైసెన్సు కూడా ఇప్పించారు. కోతల మొదట్లో ఒక నెల పాటు నేనే నడుపుకుంటూ క్యారియర్లు తీసుకెళ్ళాను. పెళ్ళయ్యాక అంత హాయిగా ఎప్పుడైనా ఉన్నానా అంటే గుర్తు లేదు. ఇల్లు దాటి చేను చేరేదాకా నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఉప్పు ఎక్కువైందని అనరు, చొక్కా ఎక్కడని అనరు. వాగు దగ్గర కాసేపు బండి నిలిపి, ఇంజను ఆపకుండానే అష్టోత్తరం చదువుకునేదాన్ని. వంటింట్లో ఎప్పుడూ సగంలో తెగిపోయే స్తోత్రం అక్కడ చివరిదాకా వచ్చేది.

అది బాబ్జీ కంట్లో పడింది. బాబ్జీ మా ఆయన స్నేహితుడు. చీమకుర్తి పక్కన రాయి తీసి వదిలేసిన గ్రానైట్ గుంటల్లో ఆదివారాలు జీపులు ఎక్కించి దించే బ్యాచ్ ఒకటుంది, దానికి పెద్ద. ఒకరోజు మా అరుగు మీద కాఫీ తాగుతూ, నేను బండి రివర్సు చేసి పెట్టడం చూశాడు.

"ఏరా నాగరాజూ, బండి చెల్లెమ్మదా? మరి నువ్వేంది, క్లీనరువా?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు.

ఆ వారమే బండి గుంటూరు వెళ్ళింది. యూసుఫ్ అనే మెకానిక్ షెడ్డులో ఉండి తిరిగొచ్చేసరికి జానెడు పైకి లేచింది. కింద ట్రాక్టరుకు వేసేలాంటి టైర్లు. ఎక్కడానికి ఉన్న ఫుట్‌బోర్డు తీసేశారు.

"అదెందుకు తీయించారండీ?"

"లుక్కు పోద్దే. నీకు తెలీదులే."

ఒకసారి మొదలయ్యాక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. ముందు బంపరుకి ఇనుపతాడు చుట్టిన విన్చి వచ్చింది, బురదలో దిగబడితే బండి తనను తానే లాక్కుంటుందట. వెనక సీటు పోయి దాని చోట స్పీకర్ల పెట్టె వచ్చింది. బానెట్ పక్కనుంచి నల్లటి గొట్టం ఒకటి టాపు దాకా లేచింది. అత్తయ్య దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఒరేయ్, బండిలో కట్టెలపొయ్యి పెట్టావేంట్రా?"

"పొగ్గొట్టం కాదమ్మా. ఇంజను గాలి పీల్చుకునేది. బండి పీకల్దాకా మునిగినా ఇంజను ఆగదు."

"మరి లోపల మనం మునిగితే?"

దానికి యూసుఫ్ దగ్గర సామాను ఏమీ లేనట్టుంది.

కొత్త హారను ఊళ్ళోకి వచ్చిన రోజు సాయంత్రం మా గేదె పాలు చేపలేదు. దూడను ఎన్నిసార్లు వదిలినా బెదురు చూపులే. టాపు మీద పెట్టిన లైట్ల కమ్మీ మా వీధి కేబుల్ తీగను తగిలించుకుని చివరి ఇంటిదాకా ఈడ్చుకుపోయింది. సరిగ్గా సీరియల్ వేళ. వీధి ఆడవాళ్ళంతా మా ఇంటికొచ్చారు. 'ఏం జ్యోతీ, చూసుకోవద్దా?' అని నన్నే అడిగారు. మా ఆయన అరుగు మీదే ఉన్నారు. ఆయన్ని పలకరించి, మజ్జిగ ఇస్తే తాగి, నన్ను కోప్పడి వెళ్ళారు.

ఇన్ని మార్పులు జరిగాయి కాబట్టి మళ్ళీ వాహనపూజ చేయించాలని అత్తయ్య పట్టుబట్టింది. ఆంజనేయస్వామి గుడి ముందు పూజారి గారు కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి, 'ఊఁ, పోనివ్వండి' అన్నారు. మా ఆయన పోనిచ్చారు. ఒక్క కాయా చిట్లలేదు. ఆ టైర్ల మీద పళ్ళు ఎంత లోతంటే, కాయలు వాటి సందుల్లో భద్రంగా దూరిపోయాయి. వెనక్కి రమ్మన్నారు, వచ్చారు. ముందుకు రమ్మన్నారు, వెళ్ళారు. కాయలు చక్రంతో పాటు తిరిగి, రంగులరాట్నం దిగినట్టు దిగి, నిగనిగలాడుతూ నేల మీద నిలబడ్డాయి.

"నా అనుభవంలో ఇదే మొదలు తల్లీ" అన్నారు పూజారి గారు దిగులుగా.

చివరికి అత్తయ్య చీర కుచ్చెళ్ళు ఎగదోపి, నాలుగింటినీ మడమతో తొక్కేసింది. దిష్టి పోయింది. నేను గుళ్ళో పక్కనున్న చిన్న వినాయకుడి వైపు చూసి దండం పెట్టుకుంటుంటే ఒక ఆలోచన వచ్చింది, తప్పో ఒప్పో తెలియదు. అంత బొజ్జ ఉన్న స్వామి ఎలుక మీద తిరుగుతాడు. దాన్ని జానెడు పైకి లేపమని ఎన్నడూ అడగలేదు. ఆయన ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళుతూనే ఉన్నాడు. మరి ఎవరికి ఏం చూపించాలని మనుషులకు ఇంత ఎత్తు కావాలి?

ఇక నా సంగతి. బండి ఎక్కాలంటే పీట కావాలి. పీట మీద నిలబడి, ఒక చేత్తో చీర, ఒక చేత్తో కడ్డీ పట్టుకుంటే వెనక నుంచి అత్తయ్య నెట్టాలి. ఎక్కి కూర్చున్నా ఆ టైర్లకు స్టీరింగు తిరగదు, నా భుజాలు పడిపోయేవి. ఒకరోజు మలుపులో గోడకు రాసుకుంది. 'ఇది ఆడవాళ్ళ బండి కాదులే' అని మా ఆయన తాళం తీసి జేబులో వేసుకున్నారు. కొన్నప్పుడు నా కోసమే కదా అన్నాను. 'నీ కోసమే. నేను దింపుతాగా' అన్నారు. ఆదివారాలు చీమకుర్తిలో ఉంటారు, మిగతా రోజులు మధ్యాహ్నం నిద్రలో ఉంటారు. స్కూటీ నాకు రాదు. నేను నెత్తిన గిన్నె, చేతిలో క్యారియరుతో నడుస్తున్నాను.

అత్తయ్య గుమ్మంలో నిలబడి అడిగిన ఆ రోజు కూడా అలాగే బయల్దేరాను. రాత్రి అకాలవర్షం పడింది. అత్తయ్య మాటలు విని మా ఆయన లేచి వచ్చారు.

"నడవడమేంది? ఊళ్ళో నా పరువేం కావాల? ఎక్కు. ఇలాంటి బురదకేగా ఇంత చేయించింది!"

పీట వేసుకుని ఎక్కాను. గిన్నెలు ఒళ్ళో పెట్టుకున్నాను, పెట్టడానికి వెనక సీటు లేదు కనుక. వాగు దర్జాగా దాటాం. చీలమండ లోతు నీళ్ళే ఉన్నాయి, నల్ల గొట్టానికి పని పడలేదు. రేగడిలోకి దిగాక అసలు కథ మొదలైంది. ఆ లోతు పళ్ళ సందుల్లో బంకమట్టి నిండి, ఒక్కో టైరూ మినపసున్ని ముద్దలా ఉబ్బి, పైరేకుకి ఒరుసుకుని ఆగిపోయింది. ఆయన గట్టిగా తొక్కారు. బండి ముందుకు పోలేదు, కిందికి పోయింది. జానెడు పైకి లేచిన బండి మూరెడు లోపలికి దిగింది.

కోత ఆపి కూలీలంతా గట్టు మీదికొచ్చారు. రెబ్కా నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏందన్నా, బండి నాటారా? నీళ్ళు పెట్టమంటారా?"

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. మా ఆయన పలకకుండా దిగి, విన్చి తాడు లాగి, గట్టు మీది తుమ్మచెట్టుకు కట్టారు. స్విచ్చు నొక్కారు. తాడు బిగిసింది. విన్చి మూలిగింది. కాసేపటికి ఏదో కదిలింది. 'వస్తంది, వస్తంది!' అని అరిచారు ఆయన. నిజమే, వస్తోంది. చెట్టు వస్తోంది. వాన నానిన గట్టు నుంచి వేళ్ళతో సహా ఊడి, ముళ్ళ కొమ్మలు ఈడ్చుకుంటూ నెమ్మదిగా వచ్చి బానెట్ మీద వాలింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వే ఓపిక కూడా అయిపోయి గట్టు మీద కూలబడ్డారు.

రెబ్కా బురదలో నడిచొచ్చి నా ఒళ్ళోంచి గిన్నెలందుకుని, నన్ను కూడా చంటిపిల్లను దించినట్టు దించింది. గట్టు మీద వడ్డిస్తుంటే అడిగింది.

"అక్కా, వండింది నువ్వు. ఇక్కడిదాకా మోసింది నేను. మరి బండేం చేసింది?"

నేను ఆమెకు ఇంకో గరిటె పప్పు వేశాను. ఆయనే ట్రాక్టరు కోసం ఫోన్లు చేస్తూ చేస్తూ మధ్యలో నా వైపు తిరిగి చెప్పారు.

"అసలు నువ్వు నడిచిపోతానని సణక్కపోతే నేను ఈ బురదలోకి వచ్చేవాణ్ణా?"

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. గొంతులో తిరుగుతున్న మాటలన్నీ ఆగిపోయి, చల్లగా, తేలిగ్గా అనిపించింది. ఈ మనిషికి మాటతో చెప్పి లాభం లేదు. పనితో చెప్పాలి.

ఆ సాయంత్రం ట్రాక్టరు బండిని బయటికి లాగింది, మర్నాటికి ఎండకు దారి జీపు పోయేంత గట్టిపడింది. అన్నం, పప్పు, గోంగూర, మజ్జిగ కట్టి అరుగు మీద వరసగా పెట్టాను.

"ఏమండీ, అన్నీ కట్టాను. బండి మీది, దారి మీకు తెలుసు. ఇక నుంచి మీరే తీసుకెళ్ళాలి."

"నేనా?"

"మీరు భోజనం బాగా పెడతారని అందరూ అంటారుగా."

అత్తయ్య నోట్లో కొంగు కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తీసుకెళ్ళారు. వెళ్ళక తప్పలేదు, రెబ్కా ముఠా వెళ్ళిపోతే కాయ చెట్టు మీదే పండి రాలుతుంది. ఎత్తు బండి, గట్టి స్ప్రింగులు. గతుకు గతుకుకీ క్యారియర్లు ఎగిరి స్పీకర్ల పెట్టె మీద పడ్డాయి. పప్పు లోపలికి కారింది. ఆ తర్వాత ఆ స్పీకర్లలో ఏ పాట పెట్టినా గొంతులో ముద్ద అడ్డం పడినట్టు వినిపించేది. చేలో రెబ్కా ఆయన చేతిలో గరిటె పెట్టి, 'వడ్డించేదాకా రైతు పనే అన్నా' అందట. వచ్చేటప్పటికి చొక్కా అంతా గోంగూర. మర్నాడూ అంతే, ఆ మర్నాడు మజ్జిగ. ఎక్కుతూ దిగుతూ మోకాలు పట్టేసింది. 'ఈ సీటు ఇంత ఎత్తెందుకు పెట్టాడో వెధవ' అని యూసుఫ్‌ని తిట్టడం విన్నాను.

వారం తిరక్కముందే బండి గుంటూరు వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు పాత టైర్లు, పాత ఎత్తు, వెనక సీటు, ఫుట్‌బోర్డు అన్నీ ఉన్నాయి. గొట్టం దొడ్లో పడింది, అత్తయ్య దాని మీదికి బీరపాదు పాకించింది. 'ఆడవాళ్ళు ఎక్కలేకపోతన్నార్రా, ఏం చేస్తాం' అని ఆయన బాబ్జీకి ఫోనులో చెబుతున్నారు. పోనీలే అనుకున్నాను. ఆ మాత్రం అబద్ధం ఆయనకు ఫుట్‌బోర్డు లాంటిది, అది లేకపోతే దిగలేరు.

ఫోను పెట్టేసి వచ్చి తాళం నా చేతిలో పెట్టారు.

"ఇదిగో, నీ బండి నీకు. మొదట్లో ఎలా ఉందో అలాగే చేయించా. అన్నం వేళవుతోంది, తీసుకెళ్ళు."

తాళం అరచేతిలో చల్లగా ఉంది. క్యారియర్లు అరుగు మీద వేడిగా ఉన్నాయి. రెండూ కలిపే ఇచ్చారు. ఒకటి లేకుండా ఇంకొకటి ఉంటుందని ఆయనకు తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఇన్నాళ్ళు తట్టలేదు. స్వామి ముందు నిలబడినప్పుడల్లా మోయడానికి బండి ఇవ్వమన్నాను కానీ, మోత కాసేపు దించమని ఎన్నడూ అడగలేదు. ఆయన అడిగిందే ఇస్తాడు. అడగడం మనకి రావాలి.

"దారి ఆరిపోయిందండీ. స్కూటీ పోతుంది. క్యారియర్లు మీరు తీసుకెళ్ళండి, రెబ్కా చూస్తుంటుంది."

ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి ఎక్కాను. ఎవరూ నెట్టలేదు. అవతలి తలుపు తెరుచుకుంది. చూస్తే అత్తయ్య, కొత్త చీర కట్టుకుని, తనే ఎక్కి కూర్చుంటోంది.

"మీరిద్దరూ ఎక్కడికమ్మా?" అన్నారు మా ఆయన.

"దాన్నడగరా. నడిపేది అదిగా."

ఆయన నా కిటికీ దగ్గరకొచ్చారు. గుడికా, బజారుకా, ఆసుపత్రికా అని ఆయన ముఖంలో ఒక్కొక్కటే తిరుగుతున్నాయి. చేను తప్పిస్తే ఈ ఇంట్లోంచి నేను బయటికి వెళ్ళిన కారణాలు అంతకుమించి లేవు మరి.

"ఏం పనిమీద వెళుతున్నావు జ్యోతీ?"

"ఊరికేనండీ" అని, గేరు వేశాను.