తమ్ముడికి పంపిన కిమ్చి

ఉప్పు ఒకసారే వేశాను, రెండోసారి వేసి ఉంటే చేతికి తెలిసేది కదా, నలభై ఏళ్లుగా కిమ్చి కోసం క్యాబేజీ ఊరబెట్టిన చేయి ఇది, లేదు, ఒకసారి కాదు, పొద్దున లేచి మళ్లీ ఒక గుప్పెడు చల్లాను, తక్కువైతే కుళ్లిపోతుందేమోనని భయం వేసి ఆ తర్వాత ఇంకో గుప్పెడు, ఈ బస్సు డ్రైవరు ఇంత నెమ్మదిగా తోలుతాడేమిటి, ఈ సొరంగం దాటాక సియోల్ ఇంకెంత దూరం, పెట్టె ఈపాటికి చేరిపోయి ఉంటుంది, రేపు పొద్దుటికల్లా మీ తమ్ముడి గుమ్మంలో ఉంటుంది పెద్దమ్మా అన్నాడు నిన్న పార్సిల్ అతను, అప్పుడెంత సంతోషపడ్డాను, ఇప్పుడేమో ఆ లారీ దారిలో ఎక్కడో చెడిపోయి ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను, మరదలు ఫోన్ ఎత్తదు, తమ్ముడు సంగ్‌మాన్‌ను వ్యాయామం కోసం ఆసుపత్రికి తీసుకెళ్లే రోజైతే అసలే ఎత్తదు, ఎత్తినా ఏం చెప్పాలి, నేను పంపిన కిమ్చి తినకండి, పారబొయ్యండి అనాలా, ఎందుకొదినా అంటే ఏమనాలి.

పొద్దున ఓక్జా నేనిచ్చిన కిమ్చి గిన్నె పట్టుకుని వచ్చింది, పక్కింటి మనిషే, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, ఏమే బునోక్, సముద్రాన్నంతా ఇందులోనే పోశావా ఏంటి, నోట్లో పెట్టుకుంటే నాలుక ముడుచుకుపోయింది అంది, నేను నవ్వాను, ఎప్పుడూ ఎకసెక్కాలాడే మనిషి కదా, కానీ అది నవ్వలేదు, పోయినేడాదీ ఇంతేనే, నొచ్చుకుంటావని నోరు మూసుకున్నా, నాలుగు నీళ్లు కడిగి పులుసులో పడేసుకున్నా, అవునూ, మీ తమ్ముడోళ్లు కూడా దీన్నే తింటున్నారా, ఆయనకి బీపీ కదే అంది, అన్నాక గానీ తనేమందో తనకే తెలియలేదు, గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది, నేను ఒక ఆకు తీసి నోట్లో పెట్టుకున్నాను, కరకరలాడింది, చల్లగా ఉంది, అంతకు మించి ఏమీ లేదు, తడి కాగితం నమిలినట్టే ఉంది, రెండేళ్లుగా అన్నమైనా అంతే, చేపైనా అంతే.

ఎవరికీ చెప్పలేదు, ఊరంతా మూతికి గుడ్డలు కట్టుకుని తిరిగిన రోజుల్లో నాకూ ఆ జ్వరం వచ్చింది, తగ్గింది, పోతూ పోతూ వాసనా రుచీ పట్టుకుపోయింది, వాసన కొంచెం తిరిగొచ్చింది, రుచి రాలేదు, చెబితే ఏమవుతుంది, ఇంక మీరు కిమ్చి చెయ్యకండి వదినా అంటారు, చెయ్యకపోతే ఆ ఇంటికి నేనేమని వెళ్లాలి, పిల్లలు లేనిదాన్ని, మొగుడు పోయినదాన్ని, చేతిలో డబ్బా లేకుండా ఆ గుమ్మం ముందు ఎన్నడూ నిలబడలేదు, అందుకే చేతిని నమ్ముకున్నాను, ఊరిన కాడను వంచితే విరగకుండా వంగాలి, ఉప్పు పట్టిందనడానికి అదే గుర్తు, వంగేది కూడా, అయినా అనుమానం తీరేది కాదు, ఇంకో గుప్పెడు ఉప్పు, ఊరిన చేపల నీళ్లు ఇంకో గరిటె, పంపించాక ఫోన్ చేసి ఎలా ఉందమ్మా అని మరదల్ని అడిగేదాన్ని, ఉన్‌సుక్‌ది ఎప్పుడూ ఒకటే మాట, అబ్బ, ఎంత బాగుందో వదినా, మీ చేతి రుచి ఎవరికొస్తుంది చెప్పండి, ఆ మాటతో నా గుండె కుదుటపడేది, నా నాలుక పోతేనేం, వాళ్ల నాలుకలున్నాయి కదా, వాళ్లు బాగుందంటే బాగున్నట్టే అనుకునేదాన్ని.

జూలైలో తమ్ముడు పడిపోయాడు, స్నానాల గదిలో, కుడి చేయి పోయింది, కుడి కాలు పోయింది, నోరు ఒక పక్కకి లాగేసింది, ఇంట్లో ఉప్పు తగ్గించమని చెప్పలేదా అని డాక్టరు మరదల్ని కసిరాడు, ఆమె తల వంచుకుని నిలబడింది, నేను పక్కనే ఉన్నాను, ఏమనుకున్నాను అప్పుడు, దీనికి వంట చేతకాదు, బయటి తిండి పెట్టి నా తమ్ముణ్ణి ఇలా చేసింది అనుకున్నాను, పైగా ఆ వారమంతా దానితో ముభావంగా ఉన్నాను, ఉప్పు పెట్టింది నేను, రెండు చలికాలాలు, పెట్టెల నిండా, ప్రతి ఆకు మధ్యా వేళ్లు దూర్చి మరీ పెట్టాను, వాడికి ఇష్టమని మధ్యమధ్యన పచ్చి చేప ముక్కలు కూడా దాచాను, నాన్న పడవ తిరిగి రాని ఏడాది వాడికి ఆరేళ్లు, అమ్మ అంతకుముందే లేదు, నేను రేవులో స్క్విడ్ చేపలు ఎండబెట్టి ఇంటికొచ్చేసరికి వాడు కిమ్చి జాడీలో మోచేతి దాకా చేయి పెట్టి చేప ముక్కల కోసం వెతుకుతూ ఉండేవాడు, మూతంతా ఎర్రగా, అక్కా నేను తినలేదు అనేవాడు, వాణ్ణి ఆ చేతులతోనే పెంచాను, ఆ చేతులతోనే పడగొట్టాను, దిగాలి, ఇదే వాళ్ల స్టాపు, జరగండి బాబూ, కొంచెం జరగండి.

లిఫ్టు అద్దంలో ఎవరో ముసలిది, జుట్టు రేగిపోయి, ఉత్త చేతులతో, గంట నొక్కాను, తలుపు తీసింది ఉన్‌సుక్, అయ్యో వదినా, చెప్పాపెట్టకుండా ఇదేంటి, ఒంట్లో బాగానే ఉందా, రండి రండి, పెట్టె వచ్చిందా అన్నాను, చెప్పులు విప్పుతూనే అన్నాను, వచ్చేసిందొదినా పొద్దున్నే, మధ్యాహ్నం అన్నంలోకి వడ్డించేశాను కూడా, అబ్బ, ఎంత బాగుందో, మీ చేతి రుచి ఎవరికొస్తుంది చెప్పండి, అదే మాట, అదే గొంతు, కిటికీ పక్క కుర్చీలో సంగ్‌మాన్, ఎడమ చేత్తో రబ్బరు బంతి నొక్కుతున్నాడు, నన్ను చూసి సగం నోటితో నవ్వాడు, తిన్నాడు, ఈ పూట కూడా తిన్నాడు, కూలబడ్డాను, అబద్ధమమ్మా, అది నోట పెట్టలేరు, పోయినేడాదిదీ అంతే, నాకు రుచి తెలీదు, రెండేళ్లుగా తెలీదు, మీకు చెప్పలేదు, నేనే వాడికి ఉప్పు పెట్టి పెట్టి ఇలా చేశాను, నన్ను తిట్టండి, కొట్టండి, ఆ పెట్టె మాత్రం పారబొయ్యండి అన్నాను.

ఉన్‌సుక్ బిత్తరపోయి చూసింది, తర్వాత నా పక్కన కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది, దాని చేతులు వెచ్చగా ఉన్నాయి, ఇన్నేళ్లలో అది నన్ను అలా ముట్టుకోలేదు, అయ్యయ్యో, అదా మీరనుకుంటున్నది, దారంతా ఇదే ఏడుపా, కాదొదినా, ఒట్టు, మీ వల్ల కానే కాదు, ఆయన తినలేదు, మేమెవరం తినలేదు, ఇవాళా తినలేదు, పెట్టె అసలు విప్పనే లేదు, అంది, ఈసారేనా అన్నాను, అది తమ్ముడి వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి, ఇంక దాచి ఏం లాభం అన్నట్టు, ఎప్పుడూ అంతే వదినా, పిల్లలకి ఆ చేప వాసన పడదు, చర్చి వంటింటికి ఇచ్చేసేవాళ్లం, రెండేళ్ల నుంచి వాళ్లు కూడా వద్దంటున్నారని కింద చెత్తలో వేస్తున్నాం, మీరు బాధపడతారని చెప్పలేదు, అంతేగానీ మీ తప్పేం లేదు, ఊరుకోండి, అంది, ఎంత ప్రేమగా చెప్పిందంటే దాన్ని కోప్పడటానికి కూడా లేకపోయింది.

మొదటి నుంచీనా, మీ పెళ్లైన కొత్తలో కూడానా, అప్పుడు నా నాలుక బాగానే ఉంది కదా, అప్పుడు నిజంగా బాగుండేది కదా, అడగకూడదని తెలుసు, అడిగాను, మరదల్ని కాదు, వాణ్ణి, నీకు ఆ చేప ముక్కలంటే ప్రాణం కదరా సంగ్‌మాన్ అని, వాడు బంతి నొక్కడం ఆపాడు, మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది, అక్కా, ఆ వాసనొస్తే, ఆ ఇల్లు, గుర్తొస్తుంది, ఆకలి, నాకొద్దక్కా, అన్నాడు, చెంప మీదుగా చొంగ కారితే ఉన్‌సుక్ లేచి తుడిచింది, టీ పెడతానొదినా అని లోపలికి వెళ్లింది, వాడు కిటికీ వైపు తిరిగాడు.

నా వల్ల కాదు, విన్నాను కదా, నా ఉప్పు వాడి ఒంట్లోకి పోనేలేదు, నేను వాణ్ణి పడగొట్టలేదు, ఇప్పుడు ఊపిరి తేలికవ్వాలి, ఏడవాలి, దేవుడికి దండం పెట్టుకోవాలి, లోపల గిన్నెల చప్పుడు, వాడి వీపు, చొక్కా మెడ దగ్గర ఎముకలు పైకి తేలాయి, ఎంత సన్నబడ్డాడు, పెట్టె విప్పనే లేదు, పెళ్లైన కొత్తలో కూడా విప్పలేదు, వాడికి నేను పెట్టింది ఏదీ వాడిలో లేదు, మంచీ లేదు, చెడూ లేదు, వాడి జబ్బులో కూడా నాకు చోటు లేదు, ఉన్‌సుక్ టీ తెచ్చి నా ముందు పెట్టింది, ఇప్పుడు మనసు తేలికపడిందా వదినా అంది, పడిందమ్మా అన్నాను, తాగాను, వేడిగా ఉంది, అంతే, మనసులో మాత్రం ఒకటే మాట, ఎవరికీ చెప్పుకోలేనిది, ఎంత తోసినా పోనిది, వాడు నా చేతి తిండి తినే పడిపోయి ఉంటే బాగుండేది.