నాలుగు వేళ్ల మడత

“ఈ మడతలేంటే?” అంది అత్తగారు, మా చిన్నకూతురి అంగీ అడుగు అంచును వేళ్ల మధ్య నలుపుతూ.

నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఆ రోజు గురువారం. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు లోకం అంతమైపోతుందని మా సంఘం అయ్యగారు లెక్క కట్టి చెప్పారు. తెల్ల అంగీలు తొడుక్కుని ప్రార్థన హాల్లో కూర్చున్నవాళ్లు ఉన్న పళాన పరలోకానికి ఎత్తబడతారట. మరి ఆ అరవై రెండు అంగీలు ఎవరు కుట్టాలి? మా ఆయన సంఘ పెద్ద. “మా ఆవిడకి చేతిలో పనేగా” అని అందరి ముందూ చెయ్యెత్తేశాడు. ఎత్తిన చెయ్యి ఆయనది, అరిగిన చేతులు నావి.

“పిల్లలు ఎదుగుతారు కదా అత్తయ్యా. అలవాటు కొద్దీ పెట్టాను.”

“రేపు మూడింటి తర్వాత ఎక్కడికి ఎదుగుతారే?”

పదకొండేళ్లు బడి యూనిఫాంలు కుట్టే షాపులో పనిచేశాను. మొదటి రోజే కటింగ్ మాస్టరు చెప్పాడు, పెద్దల బట్ట ఒంటికి కుట్టాలి, పిల్లల బట్ట ఏడాదికి కుట్టాలి అని. అడుగున నాలుగు వేళ్ల మడత పెడితే, పిల్ల ఎదిగాక తల్లి విప్పుకుంటుంది. ఇప్పుడు నన్ను నిద్రలో లేపి కుట్టమన్నా ఆ మడత దానంతటదే పడుతుంది. కిందటి నెల మా ఆయనే షాపుకి ఫోన్ చేసి, నేను ఇక రానని చెప్పేశాడు. చిన్నదాన్ని మూడో క్లాసు మధ్యలో బడి మాన్పించాడు. దాని పుస్తకాలూ యూనిఫాంలూ ఎవరికో ఇచ్చేశాడు. “ఆ శుక్రవారం దాటిన సోమవారం నుంచే దానికి పరీక్షలండీ” అన్నాను. “సోమవారమే లేదంటుంటే పరీక్షలేంటి?” అన్నాడు. ఆ పిల్ల రోజూ నా మిషన్ పక్కన కూర్చుని, “అమ్మా, ఎక్కాలు మర్చిపోవచ్చా, గుర్తుంచుకోవాలా?” అని అడిగేది. అదే మనిషి తన అంగీకి మాత్రం మూడుసార్లు కొలతలిచ్చాడు. “పొట్ట దగ్గర కాస్త వదులు పెట్టు, కూర్చుంటే పట్టేస్తుంది.” ఆ వదులు ఎవరికీ తప్పనిపించలేదు.

నేనెందుకు ఎదురు చెప్పలేదంటే, పెద్దది ఉంది. ఉండేది. నాలుగేళ్లప్పుడు జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. పోయి తొమ్మిదేళ్లు. చనిపోయినవాళ్లు ముందు లేస్తారని అయ్యగారు చెప్పినప్పటి నుంచీ నా కాళ్లు నేలమీద నిలవలేదు. మా నాన్న నలభై ఏళ్లు చర్చిలో గంట కొట్టాడు. ఇలాంటి తారీఖు విన్నప్పుడల్లా నవ్వేవాడు. “ఆ గడియ దేవుడి కొడుక్కే తెలియదని బైబిల్లో ఉంటే, వీళ్ల చెవిలో ఎవరు ఊదారు తల్లీ? సిద్ధంగా ఉండమంటే ఇవాళ్టి పని ఇవాళ చేసుకోమని.” నాన్న మాట నిజమని నాకు తెలుసు. ఈ ఒక్కసారికి ఆయన మాట తప్పైపోతే బాగుండని కోరుకున్నాను. సిగ్గు విడిచి అయ్యగారిని అడిగాను కూడా. “అది నాలుగేళ్ల పిల్లగా లేస్తుందా, పదమూడేళ్ల పిల్లగానా అండీ? కొలత కావాలి.”

“ఎత్తబడేవాళ్లకి ఎత్తు కొలతలెందుకమ్మా!” అన్నారు అయ్యగారు. అందరూ నవ్వారు. మా ఆయన అందరికన్నా గట్టిగా నవ్వాడు.

అరవై మూడో అంగీ ఎవరికీ చెప్పకుండా కుట్టాను. నాలుగేళ్ల కొలతకే.

శుక్రవారం మూడయింది. నాలుగయింది. చంటిపిల్లలు పాలకి ఏడ్చారు. ఎవరో గురక పెట్టారు. పెద్దదాని అంగీ ఒళ్లో పెట్టుకుని నేను తలుపు వైపే చూస్తున్నాను. ఐదింటికి అయ్యగారు లేచారు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

“లెక్క తప్పు కాదు. మనలో ఎవరిలోనో అవిశ్వాసం ఉంది. అదే అడ్డుపడింది.”

అత్తగారు లేచి నిలబడింది. “అయ్యగారూ, బయటివాళ్లని అనడమెందుకు? మా కోడలే.” చిన్నదాన్ని ముందుకు లాగి అంగీ అంచు తిప్పి చూపించింది. “చూడండి, వచ్చే ఏటికి!”

తల్లులంతా వంగి తమ పిల్లల అంచులు తిప్పి చూసుకున్నారు. అన్నిటికీ మడతలే. గుసగుసలు మొదలయ్యాయి.

“నేను ముందే అనుకున్నా. ఇది మొదట్నుంచీ ఇంతే” అన్నాడు మా ఆయన. “నిలబడి ఒప్పుకో.”

నిలబడ్డాను. అయ్యగారు దగ్గరికొచ్చి నా చేతిలోని చిన్న అంగీ లాక్కున్నారు. అంచు తిప్పారు. మళ్లీ తిప్పి చూశారు. అంగీని పైకెత్తి అందరికీ చూపించారు.

“ఇదిగో! దీనికి మడత లేదు. ఈ ఒక్కటీ విశ్వాసంతో కుట్టావు. ఎవరిది ఇది?”

“మా పెద్దదానిదండీ.” నా గొంతు ఎక్కడి నుంచో వినిపించింది. “అది ఇక ఎదగదు.”

ఆ మాట నేను కూడా అప్పుడే మొదటిసారి విన్నాను. అన్ని అంచులూ మడిచిన చేతులు ఆ ఒక్క అంచు దగ్గర ఎందుకు మడవలేదో నేను వాటిని ఎప్పుడూ అడగలేదు. తొమ్మిదేళ్లుగా నేను ఒప్పుకోనిది అవి ఒప్పేసుకున్నాయి.

“ఇప్పుడు దాని సంగతెందుకు?” అని పళ్లు బిగించి అన్నాడు మా ఆయన. పిల్ల పోయిన మర్నాటి నుంచీ ఆయన నాకు చెప్పే ఓదార్పు అదే.

అయ్యగారు అంగీని నా చేతిలో పెట్టేశారు, నా మొహం చూడకుండా. కాసేపటికి ఇంకో తారీఖు చెప్పారు. నలభై రోజులట. ఈలోగా పిల్లల అంగీల మడతలన్నీ కత్తిరించెయ్యాలట.

“ఆదివారానికల్లా చేసేస్తుందండీ” అని మా ఆయన మళ్లీ చెయ్యెత్తాడు.

శనివారం ఆయనే అంగీలన్నీ తెచ్చి నా మిషన్ పక్కన కుప్పపోశాడు. నేను అందులోంచి చిన్నదాని అంగీ ఒక్కటే తీశాను. చేతులు పొట్టివి చేసి, మోకాళ్ల దాకా కత్తిరించి, బడి గౌను కుట్టాను. ఇప్పటి ఎత్తు కొలిచి, కింద నాలుగు వేళ్లు మడిచాను. పెద్దదాని అంగీని రెండు మడతలు పెట్టి, పెట్టె అడుగున దాచాను. ఆ అంగీకి పడిన మొదటి మడత అదే.

సోమవారం పొద్దున్న గుమ్మంలో మా ఆయన అడ్డం నిలబడ్డాడు. “ఎక్కడికి?”

“దాన్ని పరీక్షకి. నేను షాపుకి.”

“మరి ఆ అంగీలు?”

“కత్తెర బల్లమీదే ఉందండీ” అని, ఆయన పక్క నుంచి చిన్నదాన్ని తీసుకుని బయటికి నడిచాను.

రోడ్డు దాకా ఎక్కాలు వల్లెవేస్తూ వచ్చిన పిల్ల ఆగి, గౌను కిందికి చూసుకుంది. “అమ్మా, ఇది వచ్చే ఏడు నాకు పొట్టి అయిపోదూ?”

“విప్పితే సరిపోతుంది” అన్నాను.