సొరెట్టికి చెప్పకూడని కబురు

సొరెట్టి మైకు ముందు నవ్వితే ఊళ్ళో టాక్సీలు రోడ్డు పక్కన ఆగి వింటాయని ఎవరో అన్నారు. ఆ అన్నదెవరో గలానెకు బాగా తెలుసు. నిన్నమొన్నటిదాకా "గలానె అక్క గొంతు వింటే మా ఇంటి అరుగు మీద కూర్చున్నట్టుంటుంది" అన్నవాడే. మనుషులు ఎంత తొందరగా మారిపోతారో చూడు అనుకుని ఆమె ఆ రోజంతా అన్నం సరిగా తినలేదు.

మిన్నియాపోలిస్‌లో ఆదివారం మధ్యాహ్నం, ఇథియోపియా నుంచి అమెరికా వచ్చి స్థిరపడిన ఒరొమో జాతివాళ్ళ ఇళ్ళల్లో రేడియో మోగుతుంది. తివాచీల కొట్టు పైన చిన్న స్టేషను. వారానికి రెండు గంటలు మనవాళ్ళకు ఇచ్చారు. చేసేవాళ్ళకు ఎవరికీ జీతం లేదు. పెద్దాయన టస్గరా మొదలుపెట్టాడు. ఆ మొదటి రోజు నుంచీ శుభాశుభాలు చదివేది గలానె. ఎవరింట్లో పిల్ల పుట్టింది, ఏ శరణార్థి శిబిరం నుంచి ఎవరు విమానం దిగారు, అక్కడ దేశంలో ఎవరు కాలం చేశారు, అన్నీ ఆమె నోటి మీదుగానే ఊరికి తెలిసేవి. జనం ఫోను చేసి చెబితే రాసుకుని, ఆదివారం కూర్చుని చదివేది. కూలీనాలీ చేసుకునే మనిషికి అంతకన్నా పెద్ద హోదా ఏముంటుంది?

రెండు చలికాలాల క్రితం సొరెట్టి వచ్చింది. అక్కడి నెకెంతె ఊరి పిల్ల, ముప్పై దాటలేదు. వచ్చిన నెలకే, "జనం మాటలు మనమెందుకు చదవాలి, వాళ్ళనే మాట్లాడనిద్దాం" అని ఫోన్లు నేరుగా గాలిలోకి, అంటే రేడియోలోకే, పెట్టింది. అంతే! అందరికీ నోరొచ్చింది. లారీ తోలేవాళ్ళు దారిలోంచి, ఆసుపత్రుల్లో పనిచేసే ఆడవాళ్ళు మెట్ల కింద నుంచి ఫోన్లు చేస్తారు. సొరెట్టితో నాలుగు మాటలు మాట్లాడి, ఆమె నవ్వు విని పెట్టేస్తారు. గలానెకు మిగిలిన పని ఫోను ఎత్తి, "లైన్లో ఉండండి, సొరెట్టికి ఇస్తున్నా" అనడం. కబుర్లు చదవడానికి చివర్లో కాస్త సమయం ఇస్తారు. అదీ పాట కొంచెం పొడుగైతే ఎగిరిపోతుంది.

ఒకసారి దేశం నుంచి వచ్చినావిడ మసాలా వేసి కాచిన వెన్న డబ్బా తెచ్చి గలానె చేతిలో పెట్టింది. గలానె మొహం వెలిగిపోయింది. "ఇది సొరెట్టికి ఇస్తావా అక్కా?" అంది ఆవిడ. ఇచ్చింది. ఇచ్చేముందు మూత తీసి, వాసన చూసి, వేలితో కొంచెం నాకి మరీ ఇచ్చింది.

ఆ ఆదివారం మంచు బాగా పడుతోంది. గలానె స్టేషను మెట్లెక్కబోతుంటే కొట్టు వారగా టస్గరా నిలబడి ఉన్నాడు. టోపీ మీద మంచు దులుపుకోలేదు.

"సొరెట్టి వాళ్ళమ్మ పోయింది," అన్నాడు. "పొద్దున్నే కబురొచ్చింది. వాళ్ళ అన్న బధాసాకి ఫోను చేశాడు, బధాసా నాకు చేశాడు."

బధాసా సొరెట్టి మొగుడు. లారీ తోలుతాడు.

"అయ్యో! దానికి తెలుసా?"

"తెలియదు. మొగుడు ఇంకా దారిలోనే ఉన్నాడు, మంచులో మెల్లగా వస్తున్నాడు. మీ ప్రోగ్రాం అయ్యేసరికి చేరతాడు. ఈలోపు నేను పెద్దవాళ్ళని పోగుచేస్తాను, మా ఆవిడ సొరెట్టి ఇంట్లో సామాను తీయించి పరుపులు వేయిస్తోంది. అప్పుడందరం కలిసి వచ్చి చెబుతాం. అంతవరకూ పిల్ల నీ చేతుల్లో ఉంది."

అది వేరే చెప్పక్కర్లేదు. చావు కబురు మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు చెవిలో వెయ్యరు. ఫోనులో అసలు చెప్పరు. అయినవాళ్ళు చుట్టూ చేరాక, పడితే పట్టుకోవడానికి చేతులు ఉన్నాక, పెద్దవాడు చెబుతాడు. గలానె తల్లి పోయినప్పుడు అలా జరగలేదు. బస్సులో ఎవరో తెలిసినావిడ, ఆమెకు ముందే తెలుసనుకుని, "మీ అమ్మ పోయిందటగా, పాపం" అంది. గలానె దిగాల్సిన చోట దిగకుండా బస్సు చివరిదాకా వెళ్ళింది.

"ఊళ్ళో ఎంతమందికి తెలుసు?" అని అడిగింది.

"మధ్యాహ్నానికి అందరికీ తెలుస్తుంది. అందుకే చెబుతున్నా, ఈపూట ఫోన్లు గాలిలోకి పోకూడదు. ఏ తెలివితక్కువవాడో పరామర్శ మొదలుపెడతాడు. దాన్ని మైకు దగ్గరకు రానివ్వకు, నువ్వే నడుపు. స్టూడియో బయట ఫోన్లు పెట్టే బుట్టలో దాని ఫోనుంటుందిగా, తీసి నీ కోటులో వేసుకో."

గలానె తల ఊపింది. మెట్లెక్కుతుంటే మొదట వచ్చిన ఆలోచన దుఃఖం కాదు. ఈపూట ఆ కుర్చీ నాది అనుకుంది. ఆ తర్వాతే కళ్ళు చెమర్చాయి. ఛీ, ఏం మనిషిని అనుకుంది గానీ, కాళ్ళు మాత్రం గబగబా ఎక్కుతూనే ఉన్నాయి.

మెట్ల పైన బుట్టలోంచి ఆ ఫోను తీసి కోటులో వేసుకుని గలానె లోపలికి వెళ్ళింది. సొరెట్టి అప్పటికే హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని పాటలు సర్దుకుంటోంది.

"రా అక్కా రా! మంచుకి నీ ముక్కు టమాటాలా ఉంది. పెద్దాయన ఏడీ?"

"పనుందట, రాడు. లే. ఈపూట నేను కూర్చుంటా."

సొరెట్టి నవ్వింది. "సరేలే, కబుర్లప్పుడు కూర్చో."

"కబుర్లప్పుడు కాదు, మొత్తం. ఫోన్లు కూడా లేవు. లైను పాడైంది."

ఆ మాట అంటుండగానే ఫోను మీద ఎర్ర దీపం మిణుకుమంది. ఒకటి కాదు, పక్కది కూడా. సొరెట్టి దీపం వంకా, గలానె వంకా చూసింది.

"పాడైన లైను భలే మోగుతోందే! అక్కా, ఏమైంది నీకు?"

ఆమె చెయ్యి ఫోను మీదకు వెళ్ళింది. గలానె ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తోసింది. గట్టిగానే తోసింది. సొరెట్టి మొహంలో నవ్వు పోయింది.

"కారణం చెప్పు. చెప్పకపోతే లేవను."

గలానె బుర్రలో ఇంకొక్క అబద్ధం కూడా పుట్టలేదు. అబద్ధం వెతుక్కుంటుంటే నిజం నాలుక చివర సిద్ధంగా ఉంది. రెండేళ్ళుగా అక్కడే ఉంది.

"కారణం కావాలా? నిన్ను చూస్తే నాకు కుళ్ళు, అదీ కారణం," అంది. "నువ్వు రాకముందు ఈ కుర్చీ నాది. ఫోనెత్తితే గలానె అక్కా అనేవాళ్ళు. ఇప్పుడు నన్ను తలుపు దగ్గర బంట్రోతుని చేశావు. సొరెట్టికి ఇవ్వు, సొరెట్టికి చెప్పు, ఈ వెన్న సొరెట్టికి! నీ నవ్వు వింటే నాకు చెవుల్లో ఇసుక పోసినట్టుంటుంది. నా కబుర్లు నీ పాటల కింద తొక్కేశావు. చచ్చినవాళ్ళ పేర్లు చదవడానికి కూడా నిన్ను బతిమాలుకోవాలి. ఒక్క పూట, ఒక్క పూట లేచి పక్కన కూర్చోలేవా?"

ఆపుదామనుకుంది. ఆగలేదు. ఎక్కువైందని తెలుస్తూనే ఉంది, అయినా కడుపులోంచి రాయి దిగుతున్నట్టు హాయిగా ఉంది.

సొరెట్టి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది, విసరలేదు. లేచి గోడ పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఇన్నాళ్ళూ ఇది మనసులో పెట్టుకుని నా ఎదురుగా కాఫీ తాగావా?" అంది. "కూర్చో అక్కా. ఈపూటే కాదు, ఎప్పటికీ కూర్చో. మా ఆయన వచ్చేదాకా ఉంటాను, మంచులో నడవలేను. మళ్ళీ ఈ మెట్లెక్కను."

గలానెకు గుండె ఒక్కసారి ఎగిరింది. కోరుకున్నది అడక్కుండానే ఒళ్ళో పడింది. ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందో గానీ, నిలిచింది. మైకు తన ఎత్తుకు వంచుకుని ప్రోగ్రాం మొదలుపెట్టింది.

పాట వేసినప్పుడల్లా ఫోను ఎత్తేది. రిసీవరు చెవికి నొక్కిపెట్టి, సొరెట్టికి వీపు తిప్పేది.

"గలానె అక్కా, ఆ పిల్లకి చెప్పారా?"

"లేదు. పెట్టెయ్."

"పాపం, అక్కడే ఉందా? ఒక్కసారి ఇవ్వు, ఓదారుస్తాను."

"ఓదార్చావులే, నీ నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చో. పెట్టు ఫోను!"

వెనక నుంచి సొరెట్టి అంది: "నా కోసమేగా చేస్తున్నారు? నేను లేనని చెబుతున్నావు కదూ?"

"అవును," అంది గలానె తిరగకుండానే.

చదువుతుంటే తడబడింది. పాట అయిపోయి మరో పాట వెతికేలోగా రేడియోలో ఏ చప్పుడూ లేకుండా పోయింది. సొరెట్టి అయితే ఆ ఖాళీలో ఏదో ఒకటి అని నవ్వించేది. గలానెకు ఏమీ తోచలేదు. రెండేళ్ళు కోరుకున్న కుర్చీ తొడలకు గుచ్చుకుంటోంది. స్టూలు మీద ఆ పిల్ల ముక్కు చీదుతోంది. ఏడువు, ఇప్పుడు నా మీద కోపంతో ఏడువు, కాసేపాగితే ఏడవడానికి వేరే ఉంది అనుకుంది గలానె. అంతలో ఒక చిన్న మాట మనసులో పొడిచింది: ఈ పిల్ల వాళ్ళమ్మ కోసం ఊరంతా ఫోన్లు చేస్తోంది. మా అమ్మ కోసం బస్సులో ఒక్క మనిషి అంది, అదీ పొరపాటున.

ఆఖరి పాట నడుస్తుండగా మెట్ల మీద అడుగులు వినిపించాయి. ముందు బధాసా వచ్చాడు. సొరెట్టి స్టూలు మీంచి లేచింది.

"వచ్చావా! చూడు, ఈవిడ నన్ను ఎన్నెన్ని మాటలందో..."

అతని వెనక టస్గరా, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు, వాళ్ళ వెనక చావింటికి వెళ్ళేటప్పటిలా శాలువాలు నడుముకు కట్టుకున్న ఆడవాళ్ళు గదిలోకి వచ్చారు. పిలవకుండా ఇంతమంది ఎందుకొస్తారో అక్కడ తెలియనిది ఎవరికి? సొరెట్టి ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి, చివరికి గలానె దగ్గర ఆగింది.

"ఎవరు?" అంది.

టస్గరా చెప్పాడు.

ఆడవాళ్ళు పట్టుకున్నారు. సొరెట్టి గొంతెత్తి తల్లిని పిలిచింది. పిలుపు రాగమైంది, రాగంలో తల్లి చేతుల గురించి, ఆమె పశువుల పేర్ల గురించి మాటలు వచ్చాయి. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ వంత అందుకున్నారు. గలానె కూడా ఏడ్చింది, నిజంగా ఏడ్చింది. ఏడుస్తూనే, ఏడుపులో కూడా దీని గొంతుకు వంక లేదు కదా అనుకుంది.

మూడు రోజులు సొరెట్టి ఇంట్లో జనం నేల మీద పరుపులు వేసుకుని కూర్చున్నారు. ఉడికించిన గోధుమలు, ఉప్పు వేసిన కాఫీ తిరుగుతున్నాయి. అక్కడ గలానె పేరు మోగిపోయింది. బధాసాకు భార్య అదంతా చెప్పింది, అతను దాన్ని నటన అనుకుని ఊరికి చెప్పాడు.

"ఏం నటించావే గలానె! పిల్లకి అనుమానం రాకుండా నీ పేరు నువ్వే చెడగొట్టుకున్నావట."

"అంత మనసు ఎవరికుంటుంది?"

గలానె తల వంచుకుని కాఫీ తాగింది. కాదనలేదు. తియ్యగా ఉన్నాయి ఆ మాటలు. కానీ తనకు వచ్చిన ఈ మంచిపేరు కూడా సొరెట్టి వల్లే వచ్చిందని గుర్తొచ్చి, మళ్ళీ లోపల చురుక్కుమంది.

మూడో రోజు జనం పలచబడ్డాక సొరెట్టి ఆమెను పక్కకు రమ్మంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అక్కా, ఆ రోజు అన్నవి నటనేనా?"

ఊరంతా సమాధానం తయారుచేసి పెట్టింది. ఊ అంటే చాలు. కానీ ఊ అంటే ఈ పిల్ల మళ్ళీ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. కాదంటే రాదు. చివరికి గలానె ఆ రెండూ లెక్కేసుకుని చెప్పలేదు. ఆ వాచిన కళ్ళ ముందు అబద్ధం బయటికి రాలేదు, అంతే.

"కాదు," అంది. "అన్నీ నిజమే."

సొరెట్టి ముక్కు తుడుచుకుంది. "నాకు తెలుసు. నీకు నటన ఎక్కడొచ్చు? కబుర్లలో నీకు నచ్చని వాళ్ళ పేరొస్తే ముక్కుతో చదువుతావు. ఊరంతటికీ తెలుసది."

"మరి రానన్నావుగా?"

"కోపంలో అన్నాను. వస్తాను. ఆ కుర్చీ ఏమైనా మీ అత్తగారు పెట్టిందా?" అంది. "నేను వచ్చేదాకా నువ్వు నడుపు. అమ్మ కబురు కూడా నువ్వే చదువు. ఆమె అక్కడ ఫోనులో మన ప్రోగ్రాం వినేది. నీ కబుర్లు మాత్రమే వినేది. నేను మాట్లాడుతుంటే తీసేసేది."

గలానె తల ఎత్తింది.

"'నువ్వు ఊరికే ఇకిలిస్తావే, ఆవిడ చెబితే పోయినవాళ్ళు ఎదురుగా నిలబడతారు' అనేది," అంది సొరెట్టి. "ప్రతి వారం అదే మాట. నాకెంత ఒళ్ళు మండేదో తెలుసా? నీలా చదువుదామని ఇంట్లో ఎన్నిసార్లు ప్రయత్నించానో. రాలేదు. అందుకే ఫోన్లు పెట్టాను."

ఎవరో వచ్చి గలానె కప్పులో కాఫీ పోసి వెళ్ళారు. ఆమె ముట్టుకోలేదు. పరుపు అంచు పట్టుకుని సొరెట్టి దగ్గరకు జరిగింది.

"ఇంకేమనేది మీ అమ్మ?" అంది ఆశగా.

సొరెట్టి ఆమె వంక ఎగాదిగా చూసింది. తర్వాత గోడకు ఆనుకుని, మూడు రోజుల్లో మొదటిసారి ఏడవకుండా, తల్లి గురించి చెప్పడం మొదలుపెట్టింది.